ముందు ఏ ఆకు పాలిపోయింది?

గుంటూరు

చిరంజీవి అల్లుడికి,

నువ్వు పంపిన ఫొటో చూశాను. మిర్చి పసుపు తిరిగిందని చెప్తే షాపులో మూడు ప్యాకెట్లు రాసిచ్చారన్నావు. రెండు రోజులు ఆగి కొను. ఫొటోలో చిగురు ఒక్కటే కనపడుతోంది, నాకు కింది ఆకులు కావాలి.

నత్రజని, భాస్వరం, పొటాష్, మెగ్నీషియం మొక్కలో కదులుతాయి. తక్కువపడితే మొక్క వాటిని ముదురాకుల్లోంచి లాగి చిగురుకు పంపుకుంటుంది. అందుకే ముందు కింది ఆకు చెడుతుంది. ఇనుము, కాల్షియం, బోరాన్ ఒక ఆకులో చేరాక దాదాపు అక్కడే ఉండిపోతాయి. వాటి లోపం చిగురులోనే బయటపడుతుంది.

కింది ఆకు ఈనెలతో సహా పాలిపోతే నత్రజని. అంచులు మాడుతుంటే పొటాష్. ఈనెలు పచ్చగా ఉండి మధ్యభాగం పసుపైతే మెగ్నీషియం. ఆకుకు పచ్చదనమిచ్చే పత్రహరితం అణువు నడిమధ్యన ఉండేది అదే మరి. పత్తిలో ఆ మధ్యభాగం ఎర్రబడుతుంది. అది చూసి మనవాళ్లు యూరియా గుమ్మరిస్తారు, ఆకు మాత్రం ఎర్రగానే ఉంటుంది.

రంగు ఒక్కటే చూసి ఊరుకోకు, ఆకు కొలత కూడా చూడు. నత్రజని చాలకపోతే కొత్త కణాలు సరిగా పుట్టవు, ఆకు చిన్నదై మొక్క గిడసబారుతుంది. జింకు తగ్గితే ఆక్సిన్ అనే ఎదుగుదల హార్మోను తగ్గి, కణుపులు దగ్గరపడి చిట్టి ఆకులు గుత్తిగా వస్తాయి. కణాల గోడలకు బిగువునిచ్చేది కాల్షియం. అది అందకపోతే లేతాకు వంకరపోతుంది, కాయ కొన కుళ్లుతుంది. బోరాన్ లోపిస్తే ఆకు దళసరెక్కి పెళుసుగా విరుగుతుంది, చిగురు ఎండుతుంది.

ముడత కనపడగానే లోపం అనుకోవద్దు. మిర్చి ఆకు అంచులు పైకి ముడుచుకుంటే తామరపురుగు, కిందికైతే నల్లి. పూలను తెల్ల కాగితం మీద దులిపి చూడు. 2021లో మన జిల్లా తోటల్ని నల్ల తామరపురుగు ఎలా ఊడ్చేసిందో నీకు తెలుసుగా. పురుగుకు సూక్ష్మపోషకాలు కొడితే డబ్బు దండగ.

ఇక నీ చేను సంగతి. ప్రత్తిపాడు వైపు నల్లరేగడి, పైగా వానకు పల్లపు మూల నీళ్లు నిలిచాయన్నావు. ఫొటోలో లేతాకు ఈనెలు పచ్చగా, మధ్య పసుపుగా ఉన్నాయి. కింది ఆకులు బాగుంటే అది ఇనుము లోపమే. నేలలో ఇనుము లేక కాదు, సున్నం ఎక్కువైన భూమిలో అది కరగదు, గాలాడని వేరు తీసుకోలేదు. ఇనుమును భూమిలో వేస్తే ఎక్కువభాగం మళ్లీ అలాగే బిగుసుకుపోతుంది. ముందు కాలవ తీసి నీళ్లు బయటికి పంపు. తర్వాత లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఇనుము ఉండే ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం) కలిపి సాయంత్రం పూట పిచికారీ చెయ్యి, వారం ఆగి ఇంకోసారి. అందులో పురుగుమందు కలపొద్దు. పాత ఆకు మళ్లీ పచ్చబడుతుందని చూస్తూ కూర్చోకు, కొత్తగా వచ్చే ఆకును గమనించు.

ఒకవేళ కింది ఆకులు కూడా పాలిపోయి ఉంటే లెక్క వేరు. నీళ్లు నిలిచిన చోట నత్రజని కూడా పోతుంది. అప్పుడు అన్నభేది జోలికి పోకుండా నాకు ఫోన్ చెయ్యి.

పంట తీశాక మట్టి పరీక్ష తప్పదు. గట్టు పక్కన, చెట్టు కింద, ఎరువు కుప్ప పోసిన చోట మట్టి తీయకు. వి ఆకారంలో జానెడు లోతు గుంట తీసి, అంచు నుంచి పల్చగా చెక్కు. అలా ఎనిమిది పది చోట్ల తీసి కలిపి అరకిలో పట్టుకెళ్లు. ఎక్కడ ఇవ్వాలో మీ ఊరి రైతు సేవా కేంద్రంలో చెప్తారు. అనుమానముంటే గుంటూరు దగ్గర లాం ఫారం వ్యవసాయ పరిశోధన కేంద్రంలో శాస్త్రవేత్తలున్నారు, మొక్కను వేరుతో సహా పీకి తీసుకెళ్లు. ఆకు ఒక్కటే తెంపుకుపోతే వాళ్లు మాత్రం ఏం చెప్తారు?

రేపు పొద్దున్నే ఒక మొక్క మొదలు నుంచి చిగురు దాకా కనపడేలా ఫొటో తీసి పంపు. మెరకలో ఉన్న మొక్కది కూడా ఒకటి.

మీ మామయ్య