పక్కింటి వదిన టాక్స్ కట్టట్లేదు, కంప్లైంట్ ఇవ్వమంటారా?

ప్రశ్న: మేడమ్, మాది గుంటూరు. నేను గవర్నమెంట్ స్కూల్లో టీచర్ని, 18 ఏళ్ళ సర్వీసు. మా పక్కింటావిడ (వదినా అనే పిలుస్తాను) 2019 నుంచి ఇంట్లోనే చీరల వ్యాపారం చేస్తోంది. వాట్సాప్ గ్రూపులు, ఫేస్‌బుక్ లైవ్‌లు, హైదరాబాద్ బెంగళూరు దాకా కొరియర్లు. బిల్లు ఉండదు, జీఎస్టీ లేదు, ఒక్క రిటర్న్ కూడా వేయలేదు. మధ్యలో రెండేళ్ళు ఆవిడ లెక్కల పుస్తకం నేనే రాసిపెట్టాను, అప్పుడే ఏడాదికి 30 లక్షల సేల్ ఉండేది, ఇప్పుడు 50 దాటే ఉంటదని నా లెక్క. తల్లికి వందనం (బడికెళ్ళే పిల్లల తల్లులకి గవర్నమెంట్ వేసే డబ్బు) వాళ్ళ పిల్లలిద్దరికీ పడింది, మా బాబుకి రాదు. మొన్న డ్రైనేజీ పైపు గొడవలో వీధిలో అందరి ముందు "నీకేంటమ్మా, పాఠం చెప్పినా చెప్పకపోయినా జీతం పడుద్ది" అంది. ఆ పాత పుస్తకాలు మా ఇంట్లోనే ఉండిపోతే పేజీలు ఫోటోలు తీసి పెట్టుకున్నా. ఇన్‌కమ్ టాక్స్ వాళ్ళకి పంపిద్దామంటే మావారు "మనకెందుకు" అని కేకలేసి వారం నుంచి మాట్లాడట్లేదు. కోవిడ్‌లో మా ఇద్దరికీ పాజిటివ్ వస్తే 12 రోజులు గేటు దగ్గర క్యారేజీ పెట్టి వెళ్ళింది కూడా ఆవిడే. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందు మీవారన్న మాట దగ్గర మొదలుపెడతాను, ఎందుకంటే ఆ "మనకెందుకు" నాకు నచ్చలేదు. మీరు పనిచేసే బడి నడిచేది టాక్స్ డబ్బుతోనే, ఆవిడ పిల్లలకి తలా పడిన 13 వేలు కూడా అందులోవే, కాబట్టి పక్కవాళ్ళు కట్టకపోతే అది మనకి సంబంధించిన విషయమే. ఏళ్ళ తరబడి ఫిబ్రవరి జీతం వచ్చిందంటే సగం టాక్స్‌కే కట్ అయ్యి, ఆ నెల పాలవాడికి కూడా వచ్చే నెల ఇస్తాలే అని చెప్పుకున్న టీచర్లు నాకు చాలామంది తెలుసు. 2025-26 నుంచి కొత్త పద్ధతిలో జీతగాళ్ళకి 12 లక్షల 75 వేల దాకా టాక్స్ లేదు, చాలామందికి ఊరట వచ్చింది, కానీ అంతకుముందు కట్టినవి కట్టినవే కదా, ఆ బాధ ఒక్క బడ్జెట్‌తో పోదు. అలాంటి మనిషిని పట్టుకుని పని చేయకపోయినా జీతం పడుద్ది అంటే ఎవరికైనా కడుపు మండుద్ది. మీ కోపాన్ని నేను తప్పు పట్టట్లేదు.

కానీ ఆవిడ నిజంగా ఎంత ఎగ్గొడుతోందో ఒకసారి నెమ్మదిగా చూద్దాం. 50 లక్షల సేల్ అంటే 50 లక్షల ఆదాయం కాదు. చిన్న వ్యాపారులకి ఇన్‌కమ్ టాక్స్‌లో ఒక వెసులుబాటు ఉంది, లెక్కల పుస్తకాలతో పని లేకుండా అమ్మకాల్లో 8 శాతం (బ్యాంకు ద్వారానో యూపీఐ ద్వారానో వచ్చిన దాని మీద 6 శాతం) లాభంగా చూపించి రిటర్న్ వేసుకోవచ్చు, అసలు లాభం ఇంకా ఎక్కువైతే ఆ ఎక్కువే చూపించాలి. ఆ లెక్కన 50 లక్షలకి 4 లక్షలు. పోనీ నూటికి ఇరవై మిగిలిందనుకున్నా 10 లక్షలు, ఇప్పుడున్న 12 లక్షల పరిమితి కిందే, అంటే ఈ ఏడాదికి కట్టాల్సిన టాక్స్ సున్నా. రిటర్న్ వేయకపోవడం తప్పే అయ్యుండొచ్చు, వెనకటి ఏళ్ళలో పరిమితి 7 లక్షలే, అంతకుముందు 5 లక్షలే కాబట్టి అప్పటిది కొంత బాకీ కూడా తేలొచ్చు, కానీ మీరు ఊహించుకున్నట్టు లక్షలకి లక్షలు మింగేసిందని మాత్రం ఈ అంకెలు చెప్పట్లేదు.

జీఎస్టీ దగ్గర మాత్రం ఆవిడ ఇరుక్కున్నట్టే ఉంది. ఆంధ్రాలో సరుకు అమ్మేవాళ్ళకి ఏడాదికి 40 లక్షలు దాటితే రిజిస్ట్రేషన్ కావాలి (తెలంగాణలో అయితే 20 లక్షలే). పైగా మామూలుగా వేరే రాష్ట్రానికి సరుకు అమ్మితే ఈ పరిమితి కూడా వర్తించదు, మొదటి చీర కొరియర్ చేసేటప్పటికే రిజిస్ట్రేషన్ ఉండాలి. చేనేత లాంటి వాటికి కొంత మినహాయింపు ఉంది గానీ అదీ ఒక పరిమితి దాకానే. ఇంట్లో వ్యాపారం మొదలుపెట్టిన ఆడవాళ్ళలో నూటికి తొంభై మందికి ఈ సంగతి తెలియదని నా నమ్మకం, మీ వదినకి తెలుసో లేదో మీరే చూడాలి.

తల్లికి వందనం సంగతి వేరు. టాక్స్ కట్టనంత మాత్రాన అది వచ్చేయదు, టౌన్‌లో అయితే కుటుంబ ఆదాయం నెలకి 12 వేల లోపు ఉండాలి. ఆవిడ వ్యాపారం మీరు చెప్పినట్టే ఉంటే అది తీసుకోకూడని డబ్బు, అక్కడ మీరు బాధపడటంలో పూర్తి న్యాయం ఉంది.

ఇప్పుడు మీ మెసేజ్ చదువుతూ నేను ఆగిపోయిన చోటు చెప్తా. ఆ ఫోటోలు. మీకు తెలిసిందంతా మీరు గోడ మీంచి తొంగిచూసి తెలుసుకున్నది కాదు, ఆవిడ మీ ముందు కూర్చుని వదినా నువ్వయితే నీట్‌గా రాస్తావు అని నమ్మి చెప్పింది. ఎవరికి ఎంత అప్పు, ఏ సూరత్ వ్యాపారికి ఎంత ఇవ్వాలి, భర్తకి కూడా చెప్పకుండా చీటీ ఎంత కట్టింది, ఇవన్నీ అందులో ఉండే ఉంటాయి, ఆడవాళ్ళ లెక్కల పుస్తకాలు ఎలా ఉంటాయో నాకు తెలుసు. దాచమని ఇచ్చిన సొమ్ము లాంటిది అది. ఇంకోటి, మిమ్మల్ని నొప్పించాలని కాదు గానీ అడగాలి, ఆ రెండేళ్ళూ పుస్తకం రాసేటప్పుడు జీఎస్టీ లేదని మీకు తెలుసు కదా? అప్పుడు అది మీకు తప్పుగా అనిపించలేదు. ఆవిడ దగ్గర మీరూ చీరలు కొనే ఉంటారు, బిల్లు అడిగారా? పైపు గొడవ అయ్యాకే ఇది నేరంగా కనపడింది. అంటే మీ చేతిలో ఉన్న కంప్లైంట్‌లో టాక్స్ కొంచెమే, వీధిలో పోయిన పరువే ఎక్కువ. ఆ పరువుకి ఇన్‌కమ్ టాక్స్ ఆఫీసులో మందు లేదమ్మా.

కంప్లైంట్ ఇవ్వడం కష్టమేం కాదు. 2021 జనవరి నుంచి ఇన్‌కమ్ టాక్స్ వాళ్ళ ఈ-ఫైలింగ్ సైట్‌లోనే దానికి ఒక పేజీ ఉంది, పాన్ లేకపోయినా ఫోన్‌కి వచ్చే ఓటీపీతో పెట్టొచ్చు, ఒక నంబర్ ఇస్తారు. పట్టిస్తే 50 లక్షల దాకా బహుమతి అని వాట్సాప్‌లో తిరిగేది కూడా అబద్ధం కాదు, 2018 నాటి స్కీమ్ అది, కానీ భారీ ఎగవేతలకి మాత్రమే, చీరల వదినలకి కాదు. పేరు బయటపెట్టరు. కానీ ఆ పుస్తకం పేజీలు బయటికొస్తే ఎవరిచ్చారో ఆవిడకి ఎవరూ చెప్పక్కర్లేదు, అందులో చేతిరాత మీదే! పైగా మీ దగ్గరున్నది పాత లెక్క, 50 లక్షలన్నది మీ అంచనా. అంచనాని నిజమని రాసిస్తే ఒకవేళ తప్పని తేలితే? అబద్ధమని తెలిసీ ఎవర్నో ఇబ్బంది పెట్టాలని అధికారులకి సమాచారం ఇస్తే భారతీయ న్యాయ సంహిత 217వ సెక్షన్ కింద అది కూడా నేరమే. మీరు అలాంటి మనిషి కాదు, కానీ కోపంలో అంకెలు పెరుగుతాయి.

చాలా ఏళ్ళ క్రితం ఒకావిడ నా దగ్గరకొచ్చింది, తోడికోడలి షాపు మీద సంతకం లేని ఉత్తరం రాసేసింది. ఏం జరిగిందో ఎవరూ చెప్పరు, జరిగిందో లేదో కూడా తెలియదు, వీధిలో జీపు ఆగితే చాలు ఈవిడకి చెమటలు. ఏడాది పైన నిద్రమాత్రలు వాడింది. తోడికోడలు మాత్రం పండక్కి పిలిచి చీర పెట్టింది. ఆ చీర నా ముందు పెట్టి ఏడ్చిన ఏడుపు నాకింకా గుర్తుంది.

అందుకని నేననేది, ముందు ఆవిడతో మాట్లాడండి. పైపు గొడవని దీంట్లో కలపొద్దు, దాన్ని ఇద్దరు పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి ప్లంబర్‌ని పిలిచి వేరే రోజు తేల్చుకోండి. ఇది వేరే మాట. 2025 జూలైలో కర్ణాటకలో యూపీఐ లెక్కలు చూసి చిన్న షాపులవాళ్ళకి నోటీసులు వచ్చాయి, హావేరిలో ఒక కూరగాయలాయనకి 29 లక్షలు కట్టమని వస్తే బెంగళూరులో షాపులవాళ్ళు క్యూఆర్ కోడ్‌లు తీసేసి క్యాషే ఇవ్వమని బోర్డులు పెట్టారు, అది ఆవిడా చూసే ఉంటది. సేవింగ్స్ ఖాతాలో ఏడాదికి 10 లక్షల క్యాష్ పడితే బ్యాంకే ఇన్‌కమ్ టాక్స్ వాళ్ళకి చెప్తుంది. అంటే మీరు చెప్పకపోయినా ఆవిడ సంగతి ఎప్పుడో ఒకప్పుడు బయటపడే రోజులివి. ఇప్పుడైతే ఆవిడకి దారి ఉంది, వెనకటి రిటర్న్‌లు నాలుగేళ్ళ దాకా అప్‌డేటెడ్ రిటర్న్‌గా వేసుకోవచ్చు, ఏదైనా బాకీ తేలితే ఆలస్యాన్ని బట్టి దాని మీద 25 నుంచి 70 శాతం దాకా అదనంగా కట్టాలి, వడ్డీ కూడా ఉంటుంది. ఆఫీసర్లు ఇంటికి సర్వేకో సోదాకో వచ్చాక ఆ దారి మూసుకుపోతుంది. జీఎస్టీ రిజిస్ట్రేషన్‌కి గవర్నమెంట్ ఫీజు కూడా లేదు, తెలిసిన ఆడిటర్ దగ్గరికి ఒక రోజు తీసుకెళ్తే చాలు. మీరు ముందే కంప్లైంట్ పెడితే మీ చేతులతో ఆ తలుపు మూసినట్టవుతుంది, 12 రోజులు క్యారేజీ పెట్టిన మనిషికి ఆ ఒక్క అవకాశం ఇవ్వొచ్చని నా మనసుకి అనిపిస్తోంది.

ఆవిడ నవ్వి పొమ్మంటే? అప్పుడు మీ ఇష్టం, ఇస్తే తప్పని నేను అనను. కానీ ఆ పుస్తకం వాడకుండా, వీధిలో అందరికీ కనపడేదే రాయండి, ఫేస్‌బుక్‌లో లైవ్‌లు బహిరంగంగానే ఉన్నాయి, కొరియర్ బండి రోజూ వస్తుంది, మీ పేరుతోనే ఇవ్వండి. అసలు ఆవిడ కస్టమర్ల దగ్గర జీఎస్టీ అని వసూలు చేసి జేబులో వేసుకుంటున్నా, పనివాళ్ళ పేరున స్థలాలు కొని దాస్తున్నా నా సమాధానం వేరేగా ఉండేది, రేపే వెళ్ళమనేదాన్ని.

మీవారితో కూడా ఈ రాత్రికే మాట్లాడండి. ఆయన భయం కంప్లైంట్ గురించి కాదు, పక్కింటితో శత్రుత్వం వస్తే పిల్లాడిని ఎవరికి అప్పజెప్పి డ్యూటీకి వెళ్ళాలి, అర్ధరాత్రి ఏదైనా అయితే ఎవరి తలుపు కొట్టాలి అన్నది, మగవాళ్ళు అది నోటితో చెప్పరు, కేకలేస్తారు. "పంపట్లేదు" అని కాదు, "ముందు వదినతో మాట్లాడతాను, మీరూ రండి" అని చెప్పండి. ఆయన మాట వినలేదనే బాధ కూడా కొంత తగ్గుద్ది.

వెళ్ళేది ఆవిడ లైవ్ పెట్టని రోజు మధ్యాహ్నం చూసుకుని వెళ్ళండి, పిల్లలు బడికి పోయుంటారు. వెళ్ళేముందు ఫోన్‌లో ఆ ఫోటోలు డిలీట్ చేసేయండి. పుస్తకాలు రెండూ సంచిలో వేసుకెళ్ళి ఆవిడ చేతిలో పెట్టండి, ఆ తర్వాత మాట మొదలుపెట్టండి. "నువ్వు ఆ రోజు అన్న మాటకి నాకు చాలా కష్టమేసింది వదినా" అన్నదే ముందు చెప్పండి, జీఎస్టీ సంగతి రెండో కప్పు టీ అప్పుడు చెప్పొచ్చు.