పొద్దున ఇడ్లీ మానాలా, రాత్రి దోశలు మానాలా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే సంగతి మీద: గంటలు లెక్కపెట్టి తినడం, మిగతా వేళ ఉపవాసం ఉండడం, దాంతో బరువు తగ్గుతుందా అని. నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి వచ్చినవాటిలో కొన్నిటికి మా పోషకాహార నిపుణుల జవాబులు ఇవి.

ప్రశ్న: నా వయసు 38. ఎత్తు ఐదడుగుల రెండంగుళాలు, బరువు 76 కిలోలు. రెండు నెలలుగా 16:8 (పదహారు గంటలు ఉపవాసం, ఎనిమిది గంటల్లోనే తిండి) చేస్తున్నాను. మధ్యాహ్నం పన్నెండుకు మొదలుపెట్టి రాత్రి ఎనిమిదికల్లా తినడం ఆపేస్తాను. మొదటి పది రోజుల్లో రెండు కిలోలు తగ్గాను. ఆ తర్వాత ముల్లు కదల్లేదు. అసలిది పనిచేస్తుందా? – ఒక గృహిణి, కావలి

పనిచేస్తుంది. కానీ యూట్యూబ్‌లో చెప్పే కారణంతో కాదు. పదహారు గంటలు దాటగానే కొవ్వు కరగడానికి ఒంట్లో మీటలేమీ లేవు. తినే గంటలు తగ్గితే చాలామందికి తినే మొత్తం కూడా తగ్గుతుంది, దానివల్ల బరువు తగ్గుతుంది. గంటలు తగ్గినా మొత్తం తగ్గకపోతే మీకు జరిగినట్టే జరుగుతుంది.

ముందు ఆ రెండు కిలోల సంగతి. కాలేయంలోనూ కండరాల్లోనూ గ్లైకోజెన్ రూపంలో పిండిపదార్థం నిల్వ ఉంటుంది. ఒక్కో గ్రాముతో పాటు దాదాపు మూడు గ్రాముల నీరు పట్టి ఉంచుకుంటుంది. తిండి తగ్గించిన మొదటి వారంలో ఈ నిల్వ కరిగి నీరు బయటికి పోతుంది. కాబట్టి మీరు చూసిన తగ్గుదలలో ఎక్కువ భాగం నీరే. కిలో కొవ్వు తగ్గాలంటే సుమారు 7,700 కేలరీలు లోటు పడాలి. రోజుకు 550 తగ్గిస్తే వారానికి అర కిలో. ఇంతకన్నా వేగం ఎవరు చెప్పినా నమ్మకండి.

పరిశోధనలు ఏమన్నాయో చూడండి. 2020లో అమెరికాలో 116 మంది మీద మూడు నెలలు పరీక్షించారు. ఒక జట్టు మధ్యాహ్నం 12 నుంచి రాత్రి 8 లోపు తినాలి, మీలాగే. ఎంత తినాలన్నది చెప్పలేదు. గంటలు పాటించినవాళ్లు 0.94 కిలో తగ్గారు, మూడు పూటలా తిన్నవాళ్లు 0.68 కిలో. అది తేడా కిందికి రాదు. పైగా వివరంగా కొలిచినవారిలో, తగ్గిన బరువులో సగానికి పైగా కొవ్వు కానిదే పోయింది. 2022లో చైనాలోని గ్వాంగ్‌ఝౌలో 139 మందికి ఏడాది పాటు ఒకే లెక్కన కేలరీలు తగ్గించారు. సగం మందిని మాత్రం ఉదయం 8 నుంచి సాయంత్రం 4 లోపే తినమన్నారు. వాళ్లు 8 కిలోలు తగ్గారు, గంటల నియమం లేనివాళ్లు 6.3 కిలోలు. గణాంకాల ప్రకారం ఇదీ చెప్పుకోదగ్గ తేడా కాదని తేల్చారు. రెండు జట్లూ బాగా తగ్గాయి, ఎందుకంటే రెండు జట్లూ తక్కువ తిన్నాయి.

ఇప్పుడు మీ వంటింటికి వద్దాం. మీరు తీసేసింది పొద్దుటి టిఫిన్. మన ఇళ్లలో అన్నిటికన్నా తేలికైన పూట అదే. రెండు ఇడ్లీలు, కాస్త చట్నీ కలిపి రెండు వందల కేలరీలు. అది మానేసి పన్నెండింటికి నకనకలాడుతూ కూర్చుంటే ఒక కప్పు అన్నం అదనంగా పోతుంది. 150 గ్రాముల అన్నానికి దాదాపు 200 కేలరీలు, లెక్క అక్కడికక్కడే సరి. సాయంత్రం బజ్జీలో కారప్పూసో, రాత్రి ఏడున్నరకు అన్నమో దోశలో అలాగే ఉన్నాయి. నెల్లూరు కారం దోశలు రెండు కాల్చడానికి నాలుగు చెంచాల నూనె పోస్తే, పిండి లెక్క వేరు, నూనె ఒక్కటే 180 కేలరీలు. చేపల పులుసు తప్పేమీ కాదు. దాని వెంట వచ్చే మూడో విడత అన్నంతోనే చిక్కు.

అందుకే మా సలహా గడియారాన్ని వెనక్కి జరపమని. మొదటి వారం ఏమీ మార్చకండి. నోట్లో పడ్డ ప్రతిదీ, పిల్లల పళ్లెంలో మిగిలింది తిన్నది కూడా, టైముతో సహా రాయండి. రెండో వారం నుంచి ఉదయం 9 నుంచి సాయంత్రం 6:30 మధ్య తినండి. మూడో వారం కావాలంటే ఇంకో గంట తగ్గించుకోవచ్చు, తగ్గించకపోయినా నష్టం లేదు. సాయంత్రం ఆరింటికి తినేది చిరుతిండి కాదు, అదే రాత్రి భోజనం: రెండు జొన్నరొట్టెలు, కూర, గుడ్డో చేపో పప్పో. ఇంట్లోవాళ్లు తొమ్మిదింటికి తింటారు, వడ్డించాలి, అక్కడే చాలామందికి నియమం తప్పుతుంది. వడ్డించేటప్పుడు చేతిలో పల్చటి మజ్జిగ గ్లాసు పెట్టుకోండి. మరీ కుదరని ఇంట్లో వాళ్ల భోజనమే ఎనిమిదికి జరపడం మీ ఒక్కరి సంకల్పం కన్నా బాగా పనిచేస్తుంది.

ప్రోటీన్ రోజుకు 60 గ్రాములు దాటాలి, లేకపోతే కొవ్వుతో పాటు కండా పోతుంది. రెండు గుడ్లు 12, నలభై గ్రాముల కందిపప్పు 9, పావుకిలో పెరుగు 8, నూటయాభై గ్రాముల చేప 27, గ్లాసు పాలు 6. శాకాహారులైతే చేప, గుడ్ల బదులు 40 గ్రాముల మీల్‌మేకర్, 50 గ్రాముల శనగలతో గుగ్గిళ్లు చేసుకుంటే 30 గ్రాములు వస్తుంది. వారంలో రెండు రోజులైనా బరువులెత్తడమో, గుంజీళ్లు తీయడమో చేయాలి. నడక మంచిదే, కానీ కండను నిలబెట్టడానికి అదొక్కటే చాలదు.

ఇక నూనె. మనిషికి రోజుకు 25 గ్రాముల చొప్పున నలుగురున్న ఇంటికి నెలకు మూడు కిలోలు, అంటే లీటరు ప్యాకెట్లు మూడు, ఇంకాస్త. మీ ఇంట్లో ఐదో ఆరో ఖర్చవుతుంటే ఉపవాసం కన్నా ముందు సరిచేయాల్సింది అదే.

ప్రశ్న: పదిహేనేళ్లుగా శనివారం ఒక్కపొద్దు ఉంటున్నాను. అయినా పొట్ట తగ్గదేం? – ఒక వ్యాపారి, వయసు 52, ఒంగోలు

రాత్రి పలహారం వల్ల. మధ్యాహ్నం అన్నం తిని, రాత్రి అన్నం బదులు నాలుగు దోశలు, వేరుశనగ చట్నీ, పైన అరటిపండు, పాలు. అన్నం భోజనం కన్నా ఈ పలహారమే బరువు. మిగతా ఆరు రోజులు మామూలే. భక్తి సంగతి మేం మాట్లాడం, అది మీకూ స్వామికీ మధ్య. బరువు కోసమైతే ఆ రోజును కొంచెం మార్చుకోవాలి.

5:2 పద్ధతిలో వారానికి రెండు రోజులు, పక్కపక్కన కాకుండా, మగవారు 600, ఆడవారు 500 కేలరీలకు పరిమితం కావాలి. శనివారం ఎలాగూ ఉంది, మంగళవారం కలపండి. మధ్యాహ్నం కప్పు అన్నం 200, పప్పు 120, చెంచా నూనెతో ఆకుకూర 70, మజ్జిగ 40. రాత్రి ముప్ఫై గ్రాముల పెసలు ఉడికించి తాలింపు లేకుండా ఉల్లి, నిమ్మతో తింటే 100, మజ్జిగ 40. మొత్తం 570. ఒక్కపొద్దు నాడు ఉల్లి తినని ఇల్లయితే కొబ్బరి కోరు రెండు చిటికెలు చాలు. ఆదివారం పొద్దున మాత్రం ‘నిన్న తినలేదుగా’ అని పూరీల మీద పడితే శనివారం పడిన కష్టం ఆ పూటకే చెల్లిపోతుంది.

రోజు విడిచి రోజు ఉపవాసం ఇంకా గట్టిగా పనిచేస్తుందని కొందరంటారు. షికాగోలో వంద మంది మీద ఏడాది చేసిన పరీక్ష ఫలితాలు 2017లో వచ్చాయి. అలా చేసినవాళ్లు 6 శాతం, రోజూ కొంచెం తగ్గించి తిన్నవాళ్లు 5.3 శాతం బరువు తగ్గారు. మధ్యలో వదిలేసినవాళ్లు మొదటి జట్టులో 38 శాతం, రెండో దాంట్లో 29 శాతం. వ్యాపారంలో ఉన్నవారు, నాలుగు చోట్ల టీ కాదనలేనివారు, అటు పోకుండా ఉంటేనే మంచిది.

పొట్టను తూకంతో కాదు, టేపుతో చూసుకోండి. చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పై అంచుకూ సరిగ్గా మధ్యలో, ఊపిరి వదిలాక. మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 దాటకూడదు.

ప్రశ్న: పదహారు గంటలు తినకుంటే ‘ఆటోఫజీ’ మొదలై రోగాలన్నీ పోతాయని, దీనికి నోబెల్ కూడా ఇచ్చారని వాట్సాప్‌లో వచ్చింది. నిజమేనా? – రిటైర్డ్ ఉపాధ్యాయుడు, దర్శి

నోబెల్ నిజం. 2016లో జపాన్ శాస్త్రవేత్త యోషినోరి ఓసుమికి వచ్చింది. కణం తనలోని పాడైన భాగాలను తానే విడగొట్టి వాడుకునే తీరును ఆయన ఈస్ట్ కణాల్లో బయటపెట్టారు. బరువు తగ్గడం మీదో, 16:8 మీదో ఇచ్చిన బహుమతి కాదు. మనిషిలో అది ఇన్ని గంటలకు మొదలైందని చెప్పే మామూలు రక్తపరీక్ష ఏదీ లేదు. ఆ గంటల లెక్క వాట్సాప్‌దే.

ప్రశ్న: మా అబ్బాజాన్‌కు 61 ఏళ్లు, పదేళ్లుగా షుగర్. గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన మాత్ర రెండు పూటలా వేసుకుంటారు. రంజాన్‌లో రోజా ఉంటారు. బరువు కూడా తగ్గుతుంది కదా, తర్వాత కూడా వారానికి కొన్ని రోజులు కొనసాగిస్తానంటున్నారు. పర్వాలేదా? – నెల్లూరు

ఈ ఉత్తరాన్ని మిగతావాటికన్నా జాగ్రత్తగా చదివాం. చిక్కంతా గ్లిమిపిరైడ్‌తో. తిన్నా తినకపోయినా అది క్లోమం చేత ఇన్సులిన్ విడుదల చేయిస్తుంది. కడుపు ఖాళీగా ఉంటే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. గ్లైక్లజైడ్, గ్లైబెన్‌క్లమైడ్, ఇన్సులిన్‌లతోనూ ఇదే భయం. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారికి ఆ ముప్పు తక్కువ. చక్కెరను మూత్రంలో బయటికి పంపే డాపాగ్లిఫ్లోజిన్ లాంటివి వాడేవారికి వేరే ముప్పు: ఒంట్లో నీరు తగ్గడం, కీటోన్లు (కొవ్వు కరిగేటప్పుడు పుట్టే ఆమ్లాలు) పేరుకోవడం. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం వస్తే చక్కెర మరీ ఎక్కువ లేకపోయినా ఆసుపత్రికి వెళ్లాలి.

కాబట్టి రంజాన్‌కు ఆరు నుంచి ఎనిమిది వారాల ముందే ఆయన డాక్టరును కలవండి. మాత్ర మార్చాలా, మోతాదు తగ్గించాలా, ఇఫ్తార్‌కూ (సాయంత్రం రోజా విడిచే వేళ) సెహ్రీకీ (తెల్లవారుజామున తినే వేళ) ఎలా పంచాలా అన్నది డాక్టరే చెప్పాలి. మీరుగా మాత్ర ఆపడం ఎంత తప్పో, పాత మోతాదునే సెహ్రీకి వేసుకోవడం కూడా అంతే తప్పు. మూత్రపిండాలు దెబ్బతిన్నా, ఈమధ్య చక్కెర పడిపోయి స్పృహ తప్పినా రోజా వద్దనే డాక్టర్లు చెబుతారు.

ఇంట్లో గ్లూకోమీటరు ఉండాలి. సెహ్రీకి ముందు, మధ్యాహ్నం, నాలుగింటికి, ఇఫ్తార్‌కు ముందు చూడండి. వేలికి సూది గుచ్చి చూసుకుంటే రోజా చెడదని చాలామంది మతపెద్దలే చెబుతారు. 70 కన్నా తగ్గినా, 300 దాటినా ఆ క్షణమే రోజా విరమించాలి. ఇఫ్తార్ అరగంటే కదా అని ఆగకూడదు. చక్కెర తగ్గితే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించి పదిహేను నిమిషాలకు మళ్లీ చూడండి. మిఠాయి పెట్టకండి, అందులోని నెయ్యి చక్కెర ఎక్కడాన్ని ఆలస్యం చేస్తుంది. మనిషి మాట తడబడుతున్నా, స్పృహ లేకున్నా నోట్లో ఏదీ పోయకుండా నేరుగా ఆసుపత్రికి.

బరువు సంగతి: రంజాన్ నెలలో సగటున తగ్గేది ఒక కిలో అటూ ఇటూ, అది కూడా చాలామందికి తర్వాతి వారాల్లో తిరిగి వచ్చేస్తుంది. దానికోసం పండగ అయ్యాక ఈ మాత్రతో ఉపవాసాలు కొనసాగించమని మేం చెప్పం. రాత్రి భోజనం ఏడుకు జరపడం, అన్నం ఒక కప్పుకు తగ్గించడం ఆయనకు చాలు.

ప్రశ్న: ముత్తుకూరు దగ్గర థర్మల్ ప్లాంటులో పని. రాత్రి పది నుంచి ఆరు వరకు డ్యూటీ. నేను ఎప్పుడు తినాలి? – వయసు 33

నిద్ర లేచాక మధ్యాహ్నం రెండుకు మొదటి భోజనం, డ్యూటీకి వెళ్లే ముందు తొమ్మిదికి రెండోది. మధ్యలో ఐదున్నరకు పండు, గుగ్గిళ్లు. అర్ధరాత్రి నుంచి ఆరు దాకా ఒంటికి చక్కెరను సర్దుకునే శక్తి తక్కువగా ఉంటుంది, ఆ వేళ క్యాంటీన్ పరోటాలు పగటికన్నా ఎక్కువ చేటు. మజ్జిగో, చక్కెర లేని బ్లాక్ టీయో చాలు, టీ కూడా రెండు దాటాక వద్దు. పొద్దున ఇంటికొచ్చాక ఆకలితో నిద్ర పట్టకపోతే గ్లాసు పాలు తాగి పడుకోండి. పద్ధతి ప్రకారం అది ఉపవాసం తప్పినట్టే, అయినా తాగండి. నిద్ర చెడితే మర్నాడు ఆకలి రెట్టింపవుతుంది.

ప్రశ్న: వయసు 19, హాస్టల్‌లో ఉంటాను. ఎత్తు 160 సెంటీమీటర్లు, బరువు 49. నాలుగు నెలలుగా రోజుకు ఒక్కపూటే తింటున్నాను. జుట్టు బాగా ఊడుతోంది, మూడు నెలలుగా నెలసరి రాలేదు. – సింగరాయకొండ

ఈరోజే ఆపేయమ్మా. నీ బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చెప్పే లెక్క) 19, తగ్గాల్సిన బరువు అసలు లేదు. తిండి చాలకపోతే ఒళ్లు ముందు నెలసరిని ఆపేస్తుంది, రెండు మూడు నెలలకు జుట్టు రాలుతుంది. మూడు పూటలా తినడం మొదలుపెట్టు, పొద్దున హాస్టల్ పెట్టే టిఫిన్ వదలకు. గైనకాలజిస్టును కలిసి హిమోగ్లోబిన్, థైరాయిడ్, వాళ్లు చెప్పిన మిగతా పరీక్షలు చేయించుకో. జుట్టు మళ్లీ వస్తుంది, కానీ నెలలు పడుతుంది. తినాలంటేనే భయం వేస్తుంటే ఆ సంగతి కూడా డాక్టరుకు దాచకుండా చెప్పు.

ప్రశ్న: ఉపవాసం గంటల్లో తేనె నిమ్మరసం, కొబ్బరినీళ్లు, మజ్జిగ తాగొచ్చా? ఎండలో పని. – క్వారీ సూపర్‌వైజరు, చీమకుర్తి

చెంచా తేనె 20 కేలరీలు, ఒక బోండాం నీళ్లు యాభై అరవై, పల్చటి మజ్జిగ గ్లాసు ముప్ఫై నలభై. పట్టింపుగా చూస్తే అన్నీ ఉపవాసాన్ని తప్పిస్తాయి, బరువు లెక్కలో మాత్రం ఒక గ్లాసు మజ్జిగ ఏమీ కాదు. పాలు, రెండు చెంచాల చక్కెర వేసిన టీ వంద దాకా ఉంటుంది, రోజుకు నాలుగు తాగితే ఒక పూట తిండి. మీకు పదహారు గంటలు అక్కర్లేదు. రాత్రి ఏడున్నరకు ముగించి పొద్దున ఏడున్నరకు తిని పనికి వెళ్లండి, ఆ పన్నెండు గంటలు చాలు. వేసవిలో గ్రానైట్ క్వారీలో ఉప్పు, నీరు లేకుండా ఉంటే తలనొప్పి, కాళ్ల పిక్కలు పట్టేయడం, కళ్లు తిరగడం. గంటకు అర లీటరు నీళ్లు, మధ్యమధ్య ఉప్పు వేసిన మజ్జిగ తాగుతూ ఉండండి. బీపీ మాత్రలు వాడుతుంటే ఉప్పు ఎంతన్నది డాక్టరును అడిగి వేసుకోండి.