పాలనా సూత్రాలు ఆఫీసులో నిజంగా కనిపిస్తాయా?

ప్రభుత్వ పాలన పాత్ర ఏమిటి, పాఠాల్లో చెప్పే మూల సూత్రాలు ఆఫీసులో నిజంగా కనిపిస్తాయా అని మీరు అడిగారు. ఒక ప్రభుత్వ కార్యాలయంలో చాలా ఏళ్లు దరఖాస్తులు పరిశీలించి, ఉత్తర్వుల ముసాయిదాలు రాసిన అనుభవంతో చెబుతున్నాను: కనిపిస్తాయి, అయితే తరచుగా ఒకదానికొకటి అడ్డుపడుతూ కనిపిస్తాయి.

అర్హులైన వృద్ధులకు పింఛను ఇవ్వాలని చట్టసభ చట్టం చేస్తుంది. ఏ పత్రం చూపితే వయసు రుజువైనట్లు, ఆ పత్రమే లేనివారి సంగతేమిటి అన్నవి తేల్చవలసింది పాలనా యంత్రాంగం. రాజకీయాలు వేరు, పాలన వేరు అని తర్వాత అమెరికా అధ్యక్షుడైన వుడ్రో విల్సన్ 1887లో వాదించారు గానీ, ఆ గీత నాకెన్నడూ అంత స్పష్టంగా కనిపించలేదు. గుమాస్తా ఒక ధ్రువపత్రాన్ని చెల్లదని పక్కన పెట్టినప్పుడు, ఆ దరఖాస్తుదారుకు సంబంధించినంతవరకు ప్రభుత్వ విధానం అదే.

సూత్రాల విషయానికొస్తే, 1916లో ఫ్రాన్స్‌కు చెందిన గని ఇంజినీరు, కంపెనీ నిర్వాహకుడు హెన్రీ ఫేయల్ పద్నాలుగింటిని చెప్పారు. శ్రమ విభజన, ఒక ఉద్యోగికి ఒకే అధికారి నుంచి ఆదేశాలు రావడం వాటిలో ఉన్నాయి. రాతపూర్వక నియమాలు, ప్రతిభ ఆధారంగా నియామకం, వ్యక్తులతో నిమిత్తం లేని నిర్ణయం అన్నవి జర్మనీ సామాజిక శాస్త్రవేత్త మాక్స్ వెబర్ వర్ణించిన అధికార యంత్రాంగపు లక్షణాలు. ఇలాంటి సూత్రాలు సామెతల్లాగా పరస్పరం విరుద్ధంగా ఉంటాయని 1946లో అమెరికా పాలనా శాస్త్రవేత్త హెర్బర్ట్ సైమన్ విమర్శించారు. ఆ విమర్శ ఎంత నిజమో మా ఆఫీసులోనే చూశాను: పర్యవేక్షణ పటిష్ఠం కావాలని ఒక్కో అధికారి కింద సిబ్బందిని తగ్గించగా, అంచెలు తక్కువగా ఉండాలన్న మరో సూత్రానికి విరుద్ధంగా అంచెలు పెరిగాయి, ప్రతి ఫైలుకూ మరో సంతకం తోడైంది.

అన్నిటికన్నా కష్టమైనది సమానత్వానికీ చట్టం ఉద్దేశానికీ మధ్య వచ్చే పేచీ. జనన ధ్రువపత్రం తప్పనిసరి అన్న నియమం ఉండగా, జననం ఎక్కడా నమోదుకాని ఒక వృద్ధురాలి దరఖాస్తు మా ముందుకు వచ్చింది. తిరస్కరిస్తే చట్టం ఎవరి కోసం చేశారో వారికే అందకుండా పోతుంది. జాలిపడి మంజూరు చేస్తే, అంతకుముందు అదే కారణంతో వెనక్కి పంపినవారికి అన్యాయం జరుగుతుంది. నియమాన్ని సడలించే అధికారం మా పై అధికారికి ఉంది. ఆయన ఏ ప్రత్యామ్నాయ ఆధారాలను అంగీకరించవచ్చో, ఎందుకు అంగీకరిస్తున్నారో ఫైల్లో రాసి, అటువంటి దరఖాస్తులన్నిటికీ, పాత తిరస్కరణలతో సహా, అదే వర్తిస్తుందని ఉత్తర్వు ఇచ్చారు. కారణం రాయకపోయి ఉంటే అది ఒకరికి చేసిన ఉపకారంగానే మిగిలేది. అందుకే, విచక్షణాధికారాన్ని వాడిన ప్రతిచోటా కారణం రాయడాన్ని నేను మూల సూత్రాల్లో మొదటిదిగా లెక్కిస్తాను, పాఠ్యపుస్తకాలు దానికి అంత పెద్దపీట వేయకపోయినా సరే.

జవాబుదారీతనం కూడా దాని మీదే ఆధారపడుతుంది. ప్రభుత్వ పత్రాలను చూసే హక్కును స్వీడన్ 1766లోనే చట్టం చేసింది. అధికారుల మీద ఫిర్యాదులను విచారించే అంబుడ్స్‌మన్ వ్యవస్థ అక్కడే 1809లో ఏర్పడింది. అసలు సంగతి నోటిమాటగా తేల్చేసి ఫైల్లో ‘పరిశీలించడమైనది’ అని మాత్రమే రాసే చోట (ఈ అలవాటు అరుదేమీ కాదు) ఈ రెండింటి వల్లా పెద్దగా ప్రయోజనం ఉండదు.

పరీక్ష కోసమైతే ఆ పద్నాలుగు సూత్రాలూ కంఠస్థం చేయండి. అర్థం చేసుకోవాలనుకుంటే ఏదైనా తిరస్కరణ ఉత్తర్వును తీసుకుని, అందులో ఏ నియమాన్ని ఉదహరించారో, ఏ వాస్తవాలను చూశారో, అప్పీలు ఎవరికి, ఎంత గడువులో చేసుకోవాలో రాశారా లేదా చూడండి.