సాఫ్ట్‌వేర్ సంగతి తర్వాత, ముందు ఈఫిన్ సంగతి చూడండి

మీ ప్రశ్న పొడవుగా ఉంది గానీ నాకు అర్థమైంది ఇది: ఈఏ (ఎన్‌రోల్డ్ ఏజెంట్, అంటే అమెరికా పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ గుర్తించే ట్యాక్స్ నిపుణుడు) పరీక్ష మూడు భాగాలూ పాసయ్యారు, పగలు ఉద్యోగం చేసుకుంటూ ఈ సీజన్ నుంచి ఇంట్లోంచే ట్యాక్స్ రిటర్న్‌లు చేద్దామనుకుంటున్నారు, తెలిసినవాళ్లు ఓ 40 మంది వస్తామన్నారు, దాదాపు అందరూ అమెరికాలో ఉద్యోగాలు చేసుకునే మనవాళ్లే. ఏ సాఫ్ట్‌వేర్ కొనాలి, ఇంకా ఏమేం చూసుకోవాలి అని అడిగారు. మీరు గ్రీన్‌కార్డ్ మీద ఉన్నానని రాశారు కాబట్టి వీసా మీద ఉండి పక్కన వ్యాపారం చెయ్యొచ్చా అనే గొడవ ఎత్తను.

నేను 11 సీజన్లుగా ఇదే పనిలో ఉన్నాను. మొదటి నాలుగూ ఇంకొకరి ఆఫీసులో, తర్వాత సొంతంగా. సాఫ్ట్‌వేర్ ప్రశ్న మీరు మొదట పెట్టారు, నేనైతే దాన్ని నాలుగోదో ఐదోదో చేస్తాను. సాఫ్ట్‌వేర్ జనవరి రెండో వారంలో కొన్నా ఆ సాయంత్రానికి పని మొదలవుతుంది. జనవరిలో ఎంత డబ్బు పెట్టినా, ఎంత మందికి ఫోన్ చేసినా తొందరపెట్టలేని పనులు కొన్నున్నాయి. ఇప్పుడు నవంబర్, అవి ఇప్పుడే పడాలి.

అందులో మొదటిది ఈఫిన్, అంటే రిటర్న్‌లు ఈ-ఫైల్ చెయ్యడానికి ఐఆర్‌ఎస్ ఇచ్చే నంబర్. పీటిన్ (డబ్బు తీసుకుని రిటర్న్‌లు చేసేవాళ్లకి ఉండాల్సిన ఐఆర్‌ఎస్ నంబర్) అంటే ఆన్‌లైన్‌లో పావుగంట పని, ఏటా డిసెంబర్ 31తో గడువు అయిపోతుంది, రెన్యూ చేసుకోవడమే. ఈఫిన్ అలా రాదు, 45 రోజుల దాకా పట్టొచ్చని ఐఆర్‌ఎస్ వాళ్లే చెప్తారు. ఏడాదికి 11 లేదా అంతకంటే ఎక్కువ రిటర్న్‌లు డబ్బు తీసుకుని చేసేవాళ్లు ఈ-ఫైల్ చేసి తీరాలి కాబట్టి 40 మందితో మీకు వేరే దారి లేదు. ఇక్కడొక మెలిక ఉంది. పరీక్ష పాసవడం వేరు, ఈఏ అవడం వేరు. ఫారం 23 పెట్టాలి, మీ సొంత పన్నులు సరిగ్గా కట్టారో లేదో వాళ్లు చూస్తారు, ఆ తర్వాత ఎన్‌రోల్‌మెంట్ వస్తుంది. అది చేతికి వచ్చేదాకా విజిటింగ్ కార్డు మీద ఈఏ అని వేసుకోకండి. ఎన్‌రోల్‌మెంట్ ఉన్నవాళ్లకి ఈఫిన్ దరఖాస్తులో వేలిముద్రలు అక్కర్లేదు, లేనివాళ్లు ఇవ్వాలి, దానికి ఇంకొన్ని రోజులు. ఫారం 23 పెట్టారో లేదో మీరు రాయలేదు.

ఎవరో స్నేహితుడు "అప్పటిదాకా నా ఈఫిన్ వాడుకో" అన్నాడని రాశారు. వద్దు. ఈఫిన్ ఒకరిది ఇంకొకరు వాడుకునేది కాదు, ఏదైనా తేడా వస్తే ఇద్దరూ పోతారు. 45 రోజులు లెక్కేసుకున్నా జనవరి ఆఖరికి మీది మీకు వచ్చేస్తుంది, ఎలాగూ ఐఆర్‌ఎస్ వ్యక్తిగత రిటర్న్‌లు తీసుకోవడం మొదలుపెట్టేది అప్పుడే (2025లో జనవరి 27న మొదలుపెట్టారు).

రెండోది విస్ప్, అంటే క్లయింట్ల వివరాలు ఎలా కాపాడతారో రాసిపెట్టుకున్న ప్రణాళిక. పీటిన్ తీసుకునేటప్పుడు డేటా భద్రత బాధ్యత తెలుసు అని ఓ గడిలో టిక్ పెట్టిస్తారు, చాలామంది చదవకుండానే పెట్టేస్తారు. నేనూ పెట్టాను, మూడేళ్ల పాటు ఆ కాగితం నా దగ్గర లేనే లేదు. అమెరికా వినియోగదారుల రక్షణ సంస్థ ఎఫ్‌టీసీ పెట్టిన సేఫ్‌గార్డ్స్ రూల్ ప్రకారం ఒక్కరే చేసే ప్రాక్టీస్‌కి కూడా ఇది ఉండాలి. ఐఆర్‌ఎస్ పబ్లికేషన్ 5708లో నమూనా ఉంది, దింపుకుని మీ పేరు వేసి ఊరుకోకుండా మీ ఇంట్లో నిజంగా ఏం జరుగుతుందో రాయండి. ఆ లాప్‌టాప్‌లోనే పిల్లాడు గేమ్స్ ఆడతాడా? మీ వైఫై పాస్‌వర్డ్ వీధిలో అందరికీ తెలుసా? ఇవి రాయడానికి కూర్చుంటే వేరే లాప్‌టాప్ కొనాలని మీకే అర్థమవుతుంది. లాగిన్‌కి రెండో అంచె ధ్రువీకరణ తప్పనిసరి, అది ఇబ్బందిగా ఉందని ఆపెయ్యకండి.

దీనికి అతుక్కునే ఉన్నది వాట్సాప్. మనవాళ్లు డబ్ల్యూ-2ని (కంపెనీ ఇచ్చే జీతం ఫారం) వంటింటి బల్ల మీద పెట్టి ఫోటో తీసి వాట్సాప్‌లో పడేస్తారు, కింద "అన్నా చూడు" అని. పోర్టల్‌లో పెట్టమంటే పాస్‌వర్డ్ మర్చిపోయానంటారు. మొదటి సంవత్సరం మొహమాటానికి పోయి తీసుకున్నాను, ఏప్రిల్‌కి నా ఫోన్ గ్యాలరీలో పిల్లల పుట్టినరోజు ఫోటోల మధ్య డెబ్బై మంది సోషల్ సెక్యూరిటీ నంబర్లు. ఇప్పుడు వాట్సాప్‌లో పంపితే చూడకుండా డిలీట్ చేసి పోర్టల్ లింక్ మళ్లీ పంపుతాను, రెండు సార్లకి అలవాటు పడతారు.

ఇంకొకటి, మీరు చివర్లో మాటవరసకి అన్నట్టు రాశారు గానీ నాకు అన్నిటికంటే భయం వేసింది దాని మీదే: హైదరాబాద్‌లో ఉన్న మీ కజిన్ డేటా ఎంట్రీ చేస్తాడు, మీరు రివ్యూ చేస్తారు అన్నారు. చెయ్యొచ్చు, చాలా ఆఫీసులు అలాగే నడుస్తున్నాయి. కానీ క్లయింట్ సమాచారం అమెరికా బయటికి వెళ్లే ముందు క్లయింట్ రాతపూర్వకంగా ఒప్పుకోవాలి, అమెరికా పన్ను చట్టం సెక్షన్ 7216 ప్రకారం. ఎంగేజ్‌మెంట్ లెటర్‌లో (పని షరతులు రాసి క్లయింట్ చేత సంతకం పెట్టించుకునే కాగితం) ఓ లైను కలిపితే సరిపోదు, వ్యక్తిగత రిటర్న్‌ల వాళ్లకి ఆ కాగితంలో ఏ వాక్యాలు ఉండాలో కూడా ఐఆర్‌ఎస్ చెప్పింది, సంతకం తేదీ పంపడానికి ముందుదై ఉండాలి, తర్వాత తీసుకుంటే లెక్కలోకి రాదు. ఎంతకాలం అని రాయకపోతే ఒక్క ఏడాదే చెల్లుతుంది. సోషల్ సెక్యూరిటీ నంబర్ అయితే మాస్క్ చేసే పంపాలి, తగిన భద్రతా ఏర్పాట్లు రెండువైపులా ఉంటే తప్ప. తెలిసి తెలిసి ఉల్లంఘిస్తే ఇది క్రిమినల్ సెక్షన్: 1,000 డాలర్ల వరకు జరిమానా, ఏడాది వరకు జైలు. "మా కజినే కదా" అనేది ఇక్కడ పనిచెయ్యదు. మొదటి సీజన్‌కి 40 రిటర్న్‌లే కాబట్టి మీరే కొట్టుకోండి, తప్పులు ఎక్కడ వస్తాయో మీ వేళ్లకే తెలుస్తుంది.

ఇక సాఫ్ట్‌వేర్. డ్రేక్, లాసర్ట్, ప్రోసిరీస్, అల్ట్రాట్యాక్స్, ఇలా ఏది తీసుకున్నా మామూలు 1040 (వ్యక్తిగత రిటర్న్ ఫారం) అన్నీ చేస్తాయి. తేడా మీ క్లయింట్ల దగ్గర వస్తుంది. విద్యార్థిగా ఉన్నవాళ్ల 1040-ఎన్‌ఆర్ (నాన్‌రెసిడెంట్ రిటర్న్), ఇండియాలో కట్టిన పన్నుకి ఫారం 1116, ఇండియా మ్యూచువల్ ఫండ్స్‌కి ఫారం 8621, ఇవి చేతకాకపోతే అది ఎంత చవకైనా మీకు పనికిరాదు. డెమోలో సేల్స్ మనిషి చూపించే రిటర్న్ చూడకండి. మీ సొంత రిటర్న్, ఇంకో ఇద్దరు స్నేహితులవి (వాళ్లనడిగే), పోయినేటి వెర్షన్‌లో మొదటి నుంచి చివరి దాకా చేసి, ఫైల్ చేసిన కాపీతో పక్కపక్కన పెట్టి చూడండి. ఓ శనివారం పోతుంది, పోనివ్వండి. 40 రిటర్న్‌లే అంటే రిటర్న్‌కి ఇంత అని కట్టేది మీకు నయం కావచ్చు, ఆ లెక్క స్టేట్ రిటర్న్‌కి విడిగా ఎంతో అడిగాక వెయ్యండి.

నేను సాఫ్ట్‌వేర్ మార్చిన సంవత్సరం ఏం జరిగిందో చెప్తాను. పేరు చెప్పను, ఎందుకంటే తప్పు సగం నాది. పాత డేటా అంతా కొత్తదాంట్లోకి కన్వర్ట్ అయింది, పేర్లు, అడ్రసులు, పిల్లల పుట్టినతేదీలు అన్నీ చక్కగా వచ్చాయి, హాయిగా ఊపిరి పీల్చుకున్నాను. మార్చిలో ఒక క్లయింట్ రిటర్న్ చూస్తుంటే కూకట్‌పల్లి ఫ్లాట్ మీద తరుగుదల పోయినేటి కంటే ఎక్కువ వచ్చింది. ఇంటి ధర మారలేదు, ఎందుకు పెరిగింది? అమెరికాలో అద్దెకిచ్చే ఇంటి ధరని 27.5 ఏళ్లకి పంచి తరుగుదల వేస్తారు. బయటి దేశంలో ఉన్నదానికి ఏడీఎస్ అనే వేరే తరుగుదల పద్ధతి, 30 ఏళ్లు, 2018కి ముందు అద్దెకి పెట్టినదైతే 40. కన్వర్షన్‌లో ఆ పద్ధతి కోడ్ రాలేదు, అన్నిటినీ 27.5కి మార్చేసింది. అప్పటికే అలాంటివి మూడు ఫైల్ చేసేశాను. మూడూ నా ఖర్చుతో అమెండ్ చేశాను, ఫోన్ చేసి ముగ్గురికీ చెప్పుకోవడం అయితే ఇంకా కష్టం.

మీకు కన్వర్షన్ ఉండదు, కానీ వచ్చే 40 మందీ వేరే చోట నుంచే వస్తారు కాబట్టి అదే గొయ్యి మీ దారిలోనూ ఉంది. ఒక్కొక్కరినీ మూడేళ్ల పాత రిటర్న్‌లు అడగండి, ఇప్పుడే. ఇల్లు అద్దెకిచ్చినవాళ్లని తరుగుదల వర్క్‌షీట్ విడిగా అడగండి, అది ఫైల్ చేసిన కాపీలో చాలాసార్లు ఉండదు, పాత ప్రిపేరర్ మార్చిలో ఫోన్ ఎత్తడు. స్టాక్ నష్టాలు ఏడాదికి 3,000 డాలర్లే తీసుకుని మిగతాది ముందుకి తోసినవాళ్లు, ఫారిన్ ట్యాక్స్ క్రెడిట్ మిగిలినవాళ్లు (పదేళ్ల దాకా ముందుకి పోతుంది), ఈ అంకెలన్నీ చేత్తో ఎక్కించాల్సినవే. మర్చిపోతే సాఫ్ట్‌వేర్ ఎర్రగుర్తేమీ చూపించదు, సున్నా అనుకుని ముందుకి పోతుంది.

క్లయింట్ల సంగతి. ఎంగేజ్‌మెంట్ లెటర్ డిసెంబర్‌లో పంపండి, అందులో కాగితాల ఆఖరి తేదీ రాయండి. నాది మార్చి 15, దాటితే ఎక్స్‌టెన్షన్ పెడతాను, అక్టోబర్ 15 దాకా గడువు వస్తుంది. అది ఫైల్ చెయ్యడానికే, కట్టాల్సిన పన్ను ఏప్రిల్ 15కే కట్టాలి, ఈ మాట ప్రతి ఏడాదీ ప్రతి ఒక్కరికీ కొత్తగానే ఉంటుంది. సవరించిన 1099-బీలు (షేర్ల అమ్మకాల మీద బ్రోకర్ ఇచ్చే ఫారాలు) మార్చిలో కూడా వస్తుంటాయి, అందుకే షేర్లు ఎక్కువగా అమ్మేవాళ్లని ఫిబ్రవరిలో తొందరపెట్టను. ఈసారి బ్యాంక్ వివరాలు ముందే తీసుకోండి, 2025 సెప్టెంబర్ 30 నుంచి కాగితం చెక్కుల రీఫండ్‌లు ఆపుతూ వస్తున్నారు. కొత్త కారు లోన్ వడ్డీ మినహాయింపు గురించి అందరూ అడుగుతారు, కారు విన్ (గుర్తింపు) నంబర్ తీసుకోండి, అమెరికాలో బిగించిన కారై ఉండాలి, భార్యాభర్తల ఆదాయం 2 లక్షల డాలర్లు దాటితే అది తగ్గుతూ పోతుందని ముందే చెప్పేయండి, లేకపోతే ఏప్రిల్‌లో మీరే మింగేసినట్టు చూస్తారు.

ఆర్‌ఎస్‌యూలు (జీతంతో పాటు కంపెనీ ఇచ్చే షేర్లు) ఉన్నవాళ్లకి మాత్రం నవంబర్‌లోనే ఫోన్ చెయ్యండి. కంపెనీ వాటి మీద మామూలుగా 22 శాతమే పన్ను పట్టుకుంటుంది, ఇద్దరూ సంపాదించే ఇంట్లో స్లాబు 32 కావచ్చు, 35 కావచ్చు. డిసెంబర్ జీతాల్లో డబ్ల్యూ-4 (జీతంలో పన్ను ఎంత పట్టాలో కంపెనీకి చెప్పే ఫారం) మార్చి ఎక్కువ పట్టించుకుంటే అది ఏడాది పొడవునా కట్టినట్టే లెక్క, పెనాల్టీ తప్పుతుంది. జనవరిలో ఈ సలహా ఇచ్చి లాభం లేదు.

ఎఫ్‌బార్ (విదేశీ అకౌంట్ల వివరాలు తెలిపే నివేదిక) ప్రశ్న అడిగే తీరు కూడా నేర్చుకోండి. "ఇండియాలో అకౌంట్లు ఉన్నాయా" అంటే లేవంటారు. అబద్ధం కాదు, వాళ్లకి గుర్తు రాదు. "నాన్నగారితో జాయింట్ అకౌంట్? పెళ్లికి ముందు జీతం అకౌంట్? ఎన్‌ఆర్‌ఈ ఫిక్స్‌డ్ డిపాజిట్? ఎల్‌ఐసీ పాలసీ?" అని ఒక్కొక్కటీ అడగాలి. అన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్కరోజైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ పెట్టాలి, తండ్రి డబ్బే అయినా అకౌంట్‌లో పేరుంటే లెక్కే. షెడ్యూల్ బీ కింద విదేశీ అకౌంట్ ప్రశ్నకి అడక్కుండా "నో" కొట్టే ప్రిపేరర్లని చూశాను. జవాబు ఈమెయిల్‌లో తీసుకుని ఫైల్‌లో పెట్టుకోండి.

జనవరిలో కొత్త క్లయింట్ పేరుతో మెయిళ్లు వస్తాయి. నాకు అచ్చం మన తెలుగువాళ్ల పేరుతో వచ్చింది, మొదటి మెయిల్‌లో కొత్తవాళ్లని తీసుకుంటున్నారా అని మర్యాదగా అడిగాడు, నేను తీసుకుంటున్నానన్నాక పోయినేటి రిటర్న్ అంటూ లింక్ పంపాడు. నొక్కబోయి, ఎందుకో ఫోన్ నంబర్ అడిగాను, మళ్లీ జవాబు లేదు. అప్పటి నుంచి ముందు ఫోన్‌లో మాట్లాడాకే ఎవరి ఫైలైనా తెరుస్తున్నాను. సీజన్ మొదలయ్యాక వారానికోసారి ఐఆర్‌ఎస్ సైట్ ఈ-సర్వీసెస్‌లో మీ ఈఫిన్ మీద ఎన్ని రిటర్న్‌లు వెళ్లాయో చూసుకోండి, మీరు పంపినవాటి కంటే ఎక్కువ ఉంటే ఎవరో వాడుతున్నారన్నమాట.

మీ బావగారిది ఫ్రీగా చేస్తానన్నారు. డబ్బు తీసుకోకపోతే దాని మీద పీటిన్ వెయ్యాల్సిన పని లేదు. కానీ "ఫ్రీయే కదా" అని 8879 (ఈ-ఫైల్‌కి అనుమతి ఇచ్చే ఫారం) మీద సంతకం లేకుండా పంపకండి, అక్క సంతకం కూడా కావాలి, జాయింట్ కదా.