మంచు పడని నెలల ఖర్చు

ప్రశ్న (2020 అక్టోబరు నాటి ఉత్తరం, క్లుప్తంగా): మేమిద్దరం సాఫ్ట్‌వేర్ ఉద్యోగులం. సొంత ఊరు అనంతపురం, ఉండేది బెంగళూరు మారతహళ్లిలో. నాకు 34, నా భార్యకు 32 ఏళ్లు. 2017 నుంచి ఏటా కశ్మీర్‌లోని గుల్మర్గ్ వెళ్లి స్నోబోర్డింగ్ (పాదాలకు బిగించిన బోర్డు మీద మంచు వాలుపై జారే ఆట) చేస్తున్నాం. ఈ ఏడాది (2020) మార్చి 27న బయలుదేరాల్సిన ప్రయాణం లాక్‌డౌన్ వల్ల ఆగిపోయింది. టికెట్ల తాలూకు 41,000 రూపాయలు విమాన సంస్థ దగ్గర క్రెడిట్ షెల్‌గా (తరువాత టికెట్లకు వాడుకునే జమగా) ఉన్నాయి. మే నుంచి నా భార్య జీతం 25 శాతం తగ్గించారు. ఇప్పుడు ఇద్దరికీ కలిపి చేతికి 1,70,000 వస్తోంది. అద్దె 28,000, కారు ఈఎంఐ 16,500 (జూన్ నుంచి ఆగస్టు వరకు మారటోరియం, అంటే అప్పటికి కట్టకుండా గడువు, తీసుకున్నాం), అమ్మానాన్నలకు 20,000, ఇంటి ఖర్చు 45,000, సిప్‌లు (నెలనెలా మ్యూచువల్ ఫండ్లలో పెట్టే పెట్టుబడి) 25,000. ఎఫ్‌డీ 2,00,000 ఉంది. ‘మంచు ఖాతా’ అని పేరు పెట్టుకున్న సేవింగ్స్ ఖాతాలో 1,85,000 ఉంది. క్రెడిట్ కార్డు బాకీ 62,000. ఆఫ్ సీజన్ తగ్గింపులో కొత్త బోర్డు, బూట్లు, బైండింగ్‌ల (బూట్లను బోర్డుకు బిగించే పట్టీల) సెట్ ఒక్కొక్కటి 68,000కు వస్తోంది. మంచు ఖాతాతో రెండు సెట్లు కొనాలా, జనవరిలో గుల్మర్గ్ వెళ్లాలా, సిప్‌లు ఆపాలా? అద్దె ఇల్లు ఖాళీ చేసి అనంతపురం వెళ్లిపోతే మేలా? ఆరు నెలల స్టేట్‌మెంట్లు జత చేస్తున్నాను.

జవాబు (ఇందులోని రేట్లు, నిబంధనలు 2020 అక్టోబరు నాటివి): మీ ఉత్తరంకన్నా మీరు జతచేసిన స్టేట్‌మెంట్లే నాకు ఎక్కువ విషయం చెప్పాయి. బోర్డులు కొనాలా, ప్రయాణం చేయాలా అని మీరు అడిగారు గానీ, నెలకు 1,70,000 వచ్చి, మీరు రాసిన ఖర్చులన్నీ కలిపినా 1,34,500 మాత్రమే అవుతున్నప్పుడు, మిగలవలసిన 35,500 ఎక్కడికి పోతోందన్నది అంతకన్నా ముందు అడగవలసిన ప్రశ్న. అందులోనూ మూడు నెలలు కారు ఈఎంఐ కట్టలేదు కాబట్టి ఇంకా ఎక్కువే మిగలాలి.

ఏప్రిల్ నుంచి సెప్టెంబరు వరకు మంచుతో ముడిపడిన ప్రతి లావాదేవీని పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుంటూ వెళ్లాను. బ్యాలెన్స్ బోర్డు 9,000. స్కేట్‌బోర్డులు రెండు 14,000. మోకాళ్లకు, మోచేతులకు ప్యాడ్లు, హెల్మెట్లు 6,500. తగ్గింపు ధరలో వచ్చాయని కొన్న జాకెట్లు, ప్యాంట్లు 31,000. గాగుల్స్ 12,500. వ్యాయామం సైకిల్ 22,000. ఆన్‌లైన్ శిక్షణ, వీడియోల చందాలు 7,500. మొత్తం 1,02,500 రూపాయలు. మీరే పంపిన పాత లెక్క ప్రకారం 2019లో ఇద్దరూ గుల్మర్గ్ వెళ్లి, వారం రోజులు బస చేసి, బోర్డులు అద్దెకు తీసుకుని, గండోలా (కేబుల్ కారు) టికెట్లు కొనుక్కుని తిరిగి వచ్చిన ఖర్చు 96,000. అంటే మంచు మీద గడిపిన సీజన్‌కన్నా మారతహళ్లి ఫ్లాట్‌లో కూర్చుని గడిపిన ఆఫ్ సీజన్‌కే మీకు ఎక్కువ ఖర్చయింది.

దీన్ని తప్పు పట్టడానికి చెప్పడం లేదు. ఇల్లు కదలకుండా ఆరు నెలలు గడిపిన ప్రతివారి స్టేట్‌మెంట్‌లోనూ ఇలాంటి వరుసలు ఉన్నాయి. నేను కూడా ఏప్రిల్‌లో నేర్చుకుందామని ఒక హార్మోనియం కొన్నాను, ప్రస్తుతం దాని పెట్టె మీద మా ఇంటి వైఫై రౌటర్ ఉంటోంది. ప్రయాణానికి ముందు మనం విమాన టికెట్టు మొదలుకొని టీ ఖర్చు దాకా లెక్క వేసుకుంటాం, ఎందుకంటే అది ఒక్కసారిగా కనబడే పెద్ద మొత్తం. ఆఫ్ సీజన్‌లో మాత్రం రాత్రి పదకొండింటికి, ఎవరో కొండవాలు మీద జారుతున్న వీడియో చూశాక, ఏడు వేలో తొమ్మిది వేలో ఒక్కో వస్తువు మీద పెడతాం, ఆ మొత్తాలకు ఎవరూ బడ్జెట్ రాయరు. అందువల్ల మంచు ఖాతా నుంచి ఒక్క రూపాయి కూడా తీయలేదని మీరు నిజాయతీగానే రాయగలిగారు. ఆ ఖర్చంతా క్రెడిట్ కార్డు మీదుగా జరిగింది. జూలైలో మీ నాన్నగారి వైద్య పరీక్షల బిల్లు కూడా తోడయ్యేసరికి 62,000 బాకీ నిలిచిపోయింది.

కాబట్టి మొదటి పని ఆ కార్డు. మీరు మినిమమ్ డ్యూ (బాకీలో తప్పక కట్టాల్సిన కనీస మొత్తం) మాత్రమే కడుతున్నారు. మీ కార్డు నెలకు 3.5 శాతం వడ్డీ వేస్తోంది కాబట్టి 62,000 మీద నెలకు 2,170, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపి దాదాపు 2,560 రూపాయలు వృథాగా పోతున్నాయి. అదే సమయంలో మంచు ఖాతాలో ఉన్న డబ్బుకు ఏడాదికి 3 శాతం అటూ ఇటూగా వడ్డీ వస్తోంది. ఒక చేత్తో 3 శాతానికి దాచుకుని మరో చేత్తో 40 శాతానికి అప్పు మోస్తున్నారు. ఆ ఖాతాను ముట్టుకోకూడదన్న నియమం మంచిదే, కాని అది అప్పు లేని రోజులకు పెట్టుకోవలసిన నియమం. రేపే అందులోంచి 62,000 తీసి బాకీ పూర్తిగా తీర్చేయండి.

మిగిలిన 1,23,000లో లక్ష రూపాయలను ఎఫ్‌డీతో కలిపి అత్యవసర నిధిగా మార్చండి. మీరిద్దరూ ఒకే రంగంలో పనిచేస్తున్నారు. ఒకరి జీతం ఇప్పటికే తగ్గింది. ఒకరికి వచ్చిన కష్టం రెండోవారికి రాదన్న భరోసా లేదు. అద్దె, ఈఎంఐ, తల్లిదండ్రులకు పంపేది, ఇంటి ఖర్చు కలిపి నెలకు 1,09,500 తప్పనిసరి ఖర్చు కాబట్టి ఆరు నెలలకు 6,57,000 కావాలి. మీ దగ్గర ఉండబోయే 3,00,000 మూడు నెలలకు కూడా పూర్తిగా చాలదు. రిజర్వు బ్యాంకు 2020 మే 22న రెపో రేటును (బ్యాంకులకు తానిచ్చే అప్పు మీది వడ్డీని) 4 శాతానికి తగ్గించాక ఎఫ్‌డీల వడ్డీ 5 శాతం దరిదాపులకు దిగిపోయిన మాట నిజమే. అయినా ఈ డబ్బుకు రాబడి కోసం వెతకవద్దు. ఏప్రిల్ 23న మ్యూచువల్ ఫండ్ సంస్థ ఫ్రాంక్లిన్ టెంపుల్‌టన్ ఆరు డెట్ పథకాలను (బాండ్లలో పెట్టుబడి పెట్టే ఫండ్లను) ఒక్కసారిగా మూసివేసినప్పుడు, ఒకటి రెండు శాతం అదనంగా వస్తుందని అత్యవసర నిధిని అక్కడ ఉంచినవారు నెలల తరబడి ఎదురుచూశారు.

మంచు ఖాతాలో 23,000 అలాగే ఉంచమంటున్నాను. లెక్క ప్రకారమైతే దాన్ని కూడా అత్యవసర నిధిలో కలపాలి. కాని ఇష్టంగా పేరు పెట్టుకుని నడిపిన ఖాతాను సున్నా చేస్తే, రెండు నెలలు తిరగకుండానే ఆ కోరిక మళ్లీ క్రెడిట్ కార్డు మీదికి చేరుతుందని నా అనుభవం.

ఇక బోర్డుల సంగతి. మీరు 2019లో ఒక్కో సెట్‌కు రోజుకు 1,000 చొప్పున ఏడు రోజులకు 7,000 అద్దె కట్టారు. ఈ లెక్కన 68,000 పెట్టి కొన్న సెట్ గిట్టుబాటు కావడానికి దాదాపు పది సీజన్లు పడుతుంది, అదనపు లగేజీ రుసుము కలిపితే ఇంకా ఎక్కువ. ఏడాదికి ఏడు రోజులు మంచు మీద, మిగిలిన 358 రోజులు బెంగళూరు గాలిలో ఉండే వస్తువు అది. స్నేహితుడి దగ్గర 2018లో కొన్న పాత బోర్డు బాల్కనీలో ఉందని, దాని అంచులు ఎర్రబడ్డాయని మీరే రాశారు. ఆ అంచులు ఉక్కువి. వానాకాలం జల్లు నాలుగు నెలలు తగిలితే తుప్పు పట్టక మానదు. కొత్తది కొనే ముందు దాన్ని లోపలికి తెచ్చి పొడిగా తుడిచి, తుప్పును రుద్దే రబ్బరు రాయితో అంచులు శుభ్రం చేసి, బైండింగ్‌లు విప్పి, కింది భాగానికి మందంగా మైనం కరిగించి పూసి, దాన్ని గీకకుండా అలాగే వదిలేసి మంచం కింద పెట్టండి. సీజన్ ముందు గీకితే సరిపోతుంది. దీనికి కొన్ని వందల రూపాయలు, ఇంట్లో మూలపడిన పాత ఇస్త్రీపెట్టె, ఒక ఆదివారం మధ్యాహ్నం చాలు. మీకు కొనకుండా ఉండడం సాధ్యం కాదంటే బూట్లు మాత్రం కొనుక్కోండి. అద్దె బూట్లు పాదానికి సరిగ్గా కుదరకపోతే వారమంతా పాడవుతుంది, బోర్డు విషయంలో అంత పట్టింపు అక్కరలేదు. అదైనా వచ్చే ఏడాది, మంచు ఖాతా డబ్బుతోనే. వ్యాయామం సైకిల్ మీద జూలై తరువాత ఎక్కలేదని రాశారు కాబట్టి దాన్ని ఇప్పుడే అమ్మేయండి. జిమ్‌లు ఇంకా పూర్తిగా కోలుకోని ఈ రోజుల్లో వచ్చే ధర తరువాత రాదు. స్కేట్‌బోర్డులు ఉంచుకోండి, సెల్లార్‌లో రోజూ వాడుతున్నారు కదా.

జనవరి ప్రయాణం వద్దని నా సలహా, అయితే దానికి కారణం డబ్బు ఒక్కటే కాదు. గుల్మర్గ్ 2,650 మీటర్ల ఎత్తున, శ్రీనగర్‌కు సుమారు 50 కిలోమీటర్ల దూరంలో ఉంది. గండోలా రెండో దశ 3,900 మీటర్లు దాటించి అఫర్వత్ కొండ మీద దింపుతుంది. మామూలు ఏడాదిలో మణికట్టు విరిగితే అది ఒక రోజు ఇబ్బంది. ఆసుపత్రి పడకలు కోవిడ్ రోగులకే చాలని ఏడాదిలో అది వేరే కథ. పైగా మీరు అనంతపురం వెళ్లే ఆలోచనలో ఉన్నారు, అక్కడ మధుమేహం ఉన్న నాన్నగారు ఉన్నారు. వచ్చే ఏడాది జపాన్‌లోని నిసెకో గురించి కూడా అడిగారు. 2020 అక్టోబరు నాటికి జపాన్ పర్యాటకులను రానివ్వడం లేదు; 2020 అక్టోబరు 1న విదేశీ ప్యాకేజీల మీద 5 శాతం టీసీఎస్ (అమ్మేవారే ముందుగా వసూలు చేసే ఆదాయపు పన్ను) కూడా మొదలైంది. ఆ పన్ను తరువాత రిటర్నులో సర్దుబాటు అవుతుంది గానీ ముందుగా చేతినుంచి పెట్టుకోవాలి. నిసెకోను ప్రస్తుతానికి పక్కన పెట్టండి.

క్రెడిట్ షెల్ గురించి మాత్రం మంచి వార్త ఉంది. లాక్‌డౌన్‌లో రద్దయిన టికెట్లపై సుప్రీంకోర్టు 2020 అక్టోబరు 1న తీర్పు ఇచ్చింది. ఆర్థిక ఇబ్బంది వల్ల వెంటనే డబ్బు వాపసు ఇవ్వలేని సంస్థలు క్రెడిట్ షెల్ ఇవ్వవచ్చు. దాన్ని 2021 మార్చి 31 వరకు ఏ మార్గంలోనైనా వాడుకోవచ్చు, మరొకరికి బదిలీ కూడా చేయవచ్చు. రద్దయిన తేదీ నుంచి జూన్ 30 వరకు నెలకు 0.5 శాతం, ఆ తరువాత నెలకు 0.75 శాతం చొప్పున దాని విలువ పెరుగుతుంది. గడువులోగా వాడకపోతే ఆ మొత్తాన్ని నగదుగా తిరిగి ఇవ్వాలి. మీ 41,000కు మార్చి నాటికి మూడున్నర వేల దాకా కలుస్తుంది. డబ్బు ఇరుక్కుపోయిందన్న బెంగతో ఎక్కడికో ఒకచోటికి విమానం ఎక్కకండి. మీ ఎఫ్‌డీకన్నా ఎక్కువ రాబడి ఇస్తున్నది ప్రస్తుతం అదే.

సిప్‌లు ఆపవద్దు. మార్చి 23న సెన్సెక్స్ 25,981 వద్ద ముగిసిన రోజున భయపడి ఆపినవారు, ఇప్పుడు (2020 అక్టోబరులో) అది 40,000 దరిదాపులకు రావడం బయటనుంచి చూస్తున్నారు. జీతం ఇంకా తగ్గితే అప్పుడు సగానికి తగ్గించుకోవచ్చు. పీఎఫ్ నుంచి కోవిడ్ అడ్వాన్సుగా మూడు నెలల మూలవేతనం, డీఏ (కరువు భత్యం) కలిపిన మొత్తం లేదా నిల్వలో 75 శాతం, వీటిలో ఏది తక్కువైతే అది తీసుకునే వీలు 2020లో కల్పించారు. ఉద్యోగం పోతే తప్ప ఆ తలుపు తట్టకండి, 2019-20కి 8.5 శాతం ప్రకటించిన పొదుపు అది.

కార్డు వడ్డీ, కొత్త సామగ్రి రెండూ ఆగితే మిగిలే 35,500లో నెలకు 25,000 అత్యవసర నిధికి, 6,000 మంచు ఖాతాకు, మిగతాది అనుకోని ఖర్చులకు కేటాయించండి. అక్టోబరు నుంచి మార్చి వరకు ఆరు నెలల్లో అత్యవసర నిధి 4,50,000 అవుతుంది. మంచు ఖాతాలో 59,000, క్రెడిట్ షెల్ వాపసు సుమారు 44,500, కలిపి లక్ష దాటుతుంది. అంటే 2021-22 సీజన్‌కు గుల్మర్గ్ ప్రయాణం ఖర్చు 2021 వేసవి నాటికే సిద్ధంగా ఉంటుంది. ఆ తరువాత ఆఫ్ సీజన్‌లో ఏం కొనాలన్నా ఈ 6,000 నుంచే కొనాలి. ‘బెంగళూరులో మంచెక్కడ పడుతుందిరా నాయనా’ అని అమ్మగారు ఫోన్ చేసిన ప్రతిసారీ అంటున్నారని రాశారు. ఆమెకు ఈ లెక్క చూపించవచ్చు.

అన్నిటికన్నా పెద్ద మొత్తం అద్దె ఇంటి దగ్గర ఉంది, మీరు దాన్ని చివరి ప్రశ్నగా అడిగారు. బెంగళూరు పాత పద్ధతిలో మీరు పది నెలల అడ్వాన్సు, అంటే 2,80,000 కట్టారు. ఖాళీ చేస్తే రంగుల ఖర్చు కింద ఒక నెల అద్దె పోయినా 2,52,000 చేతికి వస్తుంది, తప్పనిసరి ఖర్చు 81,500కు దిగుతుంది, అత్యవసర నిధి ఆరు నెలల మార్కును ఒక్కసారిగా దాటుతుంది. అయితే తిరిగి వచ్చిన రోజున అదే అడ్వాన్సు మళ్లీ కట్టాలి గనుక ఆ డబ్బును విడిగా ఉంచాలి. హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె భత్యం) మీద పన్ను మినహాయింపు ఆ నెలలకు ఉండదు. కనీసం వచ్చే జూన్ వరకు ఇంటినుంచే పని అని రెండు కంపెనీలూ రాతపూర్వకంగా చెబితేనే ఖాళీ చేయండి. మీ భార్యకు అంతగా ఇష్టం లేదని ఒక్క ముక్కలో రాసి వదిలేశారు. తగ్గిన జీతంతో, అత్తవారింట్లో, వీడియో మీటింగ్‌ల మధ్య ఉండవలసింది ఆమె కాబట్టి నా లెక్కకన్నా ఆ ముక్కకే ఎక్కువ విలువ ఇస్తాను. ముందు ఇంటి యజమానితో మాట్లాడి అద్దె తగ్గించమని అడగండి. మీ చుట్టుపక్కల ‘టు లెట్’ బోర్డులు ఎన్ని వేలాడుతున్నాయో ఆయనకూ తెలుసు.

చివరగా బీమా. మీ ఇద్దరికీ కంపెనీ ఇచ్చిన 5 లక్షల పాలసీ తప్ప ఏమీ లేదు, ఉద్యోగంతో పాటు అదీ పోతుంది. సొంతంగా ఒక ఫ్యామిలీ ఫ్లోటర్ (కుటుంబమంతటికీ కలిపి ఒకే ఆరోగ్య బీమా) తీసుకోండి. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ప్రామాణికం చేసిన మినహాయింపుల ప్రకారం సాహస క్రీడల్లో వృత్తిగా పాల్గొనేవారి చికిత్సనే ఆరోగ్య బీమా మినహాయిస్తుంది, సరదాకు ఆడేవారికి వర్తించదు; కాని వ్యక్తిగత ప్రమాద బీమాలో ఆ వాక్యం వేరుగా ఉండవచ్చు కాబట్టి సంతకానికి ముందు చదవండి. నాన్నగారికి 64 ఏళ్లు కాబట్టి 2020లో కోవిడ్ చికిత్స కోసం తెచ్చిన కరోనా కవచ్ పాలసీకి ఇంకా అర్హత ఉంది. 65 దాటితే ఇవ్వరు. తొమ్మిదిన్నర నెలల వ్యవధి, 5 లక్షల మొత్తం ఎంచుకుని, మధుమేహం సంగతి దాచకుండా రాసి, అమ్మగారిని కూడా చేర్చండి. మొదటి 15 రోజులు అది వర్తించదు గనుక, ఒకవేళ అనంతపురం వెళ్లేటట్టయితే ఆ గడువు పూర్తయ్యాకే సామాను సర్దుకోండి.