షుల్జే ఇంటిపేరు గురించి రాస్తున్న యువ రచయితకు

చిరంజీవికి ఆశీస్సులు.

బెంజమిన్ షుల్జే ఇంటిపేరు పుట్టుపూర్వోత్తరాల మీద నువ్వు పంపిన వ్యాసం శ్రద్ధగా చదివాను. 1728లో లాటిన్‌లో తెలుగు వ్యాకరణం రాసి, స్వదేశమైన జర్మనీకి తిరిగి వెళ్లాక 1746, 47 సంవత్సరాల్లో హాలే పట్టణంలో తెలుగు పుస్తకాలు అచ్చు వేయించిన ఆ మిషనరీ మనకు పూర్తిగా పరాయివాడు కాడు కనుక, ఎంచుకున్న విషయం మంచిదే. అయితే మొదటి పేజీలోనే ఒక వంశచిహ్నాన్ని నిలబెట్టి, షుల్జేలందరినీ ఒకే వీరుడి సంతతిగా చూపించావు. ఆ పేజీ తీసెయ్యి. వంశచిహ్నం ఒకానొక కుటుంబానిదే తప్ప, ఆ ఇంటిపేరున్న ప్రతివారిదీ కాదు. పేరు చెబితే చాలు, డబ్బు పుచ్చుకుని చిహ్నం చేతిలో పెట్టే దుకాణాలను నమ్మి చరిత్ర రాయకూడదు.

ఈ పేరు షుల్ట్‌హైస్ అనే పదవి నుంచి వచ్చింది. షుల్ట్‌హైస్ అంటే, చెల్లించవలసినది చెల్లించమని ఆజ్ఞాపించే గ్రామాధికారి. 12, 13 శతాబ్దాల్లో ఎల్బే నదికి తూర్పున కొత్త ఊళ్లు వెలసినప్పుడు, రైతులను పోగుచేసి తెచ్చి పొలాలు పంచినవాడికే ప్రభువు తరచుగా ఆ పదవిని వంశపారంపర్యంగా ఇచ్చేవాడు. దానితోపాటు శిస్తు లేని భూమి, చాలాచోట్ల పానశాల నడుపుకునే హక్కు, ఊరి న్యాయస్థానం విధించిన జరిమానాల్లో మూడోవంతు అతనికి దక్కేవి. మిగిలిన రెండు వంతులూ ప్రభువుకు పోయేవి. నీ వ్యాసం తీరిగ్గా నిలవవలసిన చోటు ఇదే. పక్కవాడి చేలో పశువును మేపిన రైతుకు జరిమానా వేసే పెద్దమనిషికి అందులో తన వాటా ఎంతో ముందే తెలుసన్న సంగతిని ఒక్క పేరాలో చూపించగలిగితే, డాలూ కత్తీ అక్కరలేదు. పైగా ఇటువంటి అధికారి ఊరూరా ఉండేవాడు కనుక, ఈ పేరు ఎన్నో ఊళ్లలో విడివిడిగా పుట్టింది. బెంజమిన్ 1689లో పుట్టిన సోనెన్‌బుర్గ్ కూడా ఆ తూర్పు సీమలోనిదే; అంతమాత్రాన అతని ముత్తాతను గ్రామాధికారిని చేసెయ్యకు.

ఇప్పుడు చాలావరకు పోలెండ్‌లో ఉన్న సైలీషియా ప్రాంతంలో ఈ పేరు షోల్జ్ అయింది. 2021లో జర్మనీ ఛాన్సలరైన ఓలాఫ్ షోల్జ్ పేరు అదే. పశ్చిమ జర్మనీలోని వెస్ట్‌ఫాలియాలో ఇదే పేరుకు మరో రూపమైన షుల్టే కథ వేరు. అక్కడ పేరు మనిషిది కాక కమతానిదిగా ఉండేది. మన ఇల్లరికపు అల్లుడి లాగా కమతంలోకి వచ్చిన పెళ్లికొడుకు తన ఇంటిపేరు వదిలి ఆ కమతం పేరే పెట్టుకునేవాడు. తండ్రి నుంచి కొడుక్కి గీత గీసుకుంటూ పోయే నీ వంశవృక్షం ఇక్కడ నిలవదు. చదువుకున్నవారు ఇంటిపేరును లాటిన్‌లోకి మార్చుకుని మరింత చిక్కు పెట్టారు: 1621లో మరణించిన సంగీతకర్త మిఖాయెల్ ప్రిటోరియస్ అసలు ఇంటిపేరు షుల్ట్‌హైసే, లాటిన్ వేషం వేసుకుంది.

వర్ణక్రమం విషయంలోనూ తొందరపడకు. ఒకే మనిషిని చర్చి రిజిస్టర్లలో ఒకచోట షుల్జ్ అనీ, మరోచోట షుల్జే అనీ పాస్టర్లు తమకు తోచినట్టు రాశారు; 1876 జనవరి 1 నుంచి జర్మన్ సామ్రాజ్యమంతటా ప్రభుత్వ జనన మరణ నమోదు అమలయ్యాకనే పేర్ల రాత బాగా స్థిరపడింది. కాబట్టి ఏ పత్రంలో ఎలా ఉందో అలాగే ఉదహరించు, నీ సౌకర్యం కోసం దిద్దకు. 1618–48 నాటి ముప్పై ఏళ్ల యుద్ధంలో చాలా రిజిస్టర్లు తగలబడ్డాయి. ఆధారం తెగినచోట వంశవృక్షాన్నీ ఆపి, అక్కడి నుంచి ఊరి కథ చెప్పు. తిరగరాసిన ప్రతి పంపితే తప్పక చదువుతాను.