బ్యాండు ఊరు దాటేముందు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మేం ఐదుగురం. రెండు గిటార్లు, బేస్, కీబోర్డు, డ్రమ్స్. అనంతపురంలో ఒక ఇంజినీరింగ్ కాలేజీ ఫెస్ట్‌లో సాయంత్రం ఏడింటికి మా ప్రోగ్రాం. ఏ బండి మాట్లాడుకోవాలి? ఎన్నింటికి బయల్దేరాలి?
– ఒక పాఠకుడు, వైట్‌ఫీల్డ్, బెంగళూరు

జవాబు: ఏడింటి ప్రోగ్రాం అంటే నాలుగింటికి సౌండ్ చెక్, మూడింటికి సామాను దించడం. అనంతపురం 44వ నంబరు జాతీయ రహదారి మీద సుమారు 215 కిలోమీటర్లు. టిఫిన్‌కి ఆగడంతో కలిపి ఐదు గంటలు వేసుకోండి. పొద్దున ఆరింటికల్లా బండెక్కాలి. హెబ్బాళ వైపు పోకుండా బూదిగెరె మీదుగా వెళ్లి దేవనహళ్లి దగ్గర హైవే ఎక్కండి, ఊళ్లో ట్రాఫిక్ చాలావరకు తప్పుతుంది. కొడికొండ దాకా వెళ్లాక లేపాక్షి చూసొద్దామని ఎవరో ఒకరు తప్పక అంటారు. దాన్ని తిరుగు ప్రయాణానికి ఉంచండి. అప్పుడు పంక్చర్ పడినా, జామ్‌లో ఇరుక్కున్నా సర్దుకునేందుకు నాలుగు గంటలు చేతిలో ఉంటాయి.

పన్నెండు సీట్ల టెంపో ట్రావెలర్ చాలు, వెనక వరస సీట్లు తీసేయించండి. పసుపు బోర్డు బండే మాట్లాడండి. ఆలిండియా టూరిస్టు పర్మిట్ ఉందో లేదో అడ్వాన్సు ఇవ్వకముందే చూసుకోండి. లేకపోతే ఆంధ్ర పర్మిట్, పన్ను ఓనరు చేత ముందే కట్టించాలి.

యాంపులు (గిటారు శబ్దాన్ని పెంచే స్పీకరు పెట్టెలు), డ్రమ్ స్టాండ్ల సంచి లాంటి బరువులు కింద, సీట్ల వీపుకి ఆనించి పెట్టి బెల్టుతో బిగించండి. యాంపు స్పీకరు వైపు స్టాండు మొన తగిలేలా ఏదీ ఉండకూడదు. కీబోర్డును నిటారుగా నిలబెట్టొద్దు. గిటార్లు అన్నిటికన్నా పైన, గట్టి కేసుల్లో. పైన క్యారియర్ మీద ఏ వాద్యమూ వద్దు. ఎండలో ఆపిన బండి లోపల వేడి 60 డిగ్రీలు దాటగలదు. ఆ వేడికి అకూస్టిక్ గిటారు బ్రిడ్జి (తీగలు బిగించే చెక్క) కింద జిగురు మెత్తబడుతుంది. తీగల లాగుడుకి బ్రిడ్జి వెనక అంచు ముందుగా, కాగితం దూరేంత సందుతో లేస్తుంది. అందుకే భోజనానికి ఆగినా గిటార్లు మీతోపాటే దిగాలి.

ప్రశ్న: డ్రమ్స్, యాంపులు అన్నీ మావే అంటున్నారు నిర్వాహకులు. మరి మేం ఏం తీసుకెళ్లాలి?
– ఒక పాఠకురాలు, కె.ఆర్.పురం

జవాబు: స్నేర్ (ముందుండే చిన్న డ్రమ్ము), సింబల్స్ (తాళాల్లాంటి పళ్లేలు), కిక్ పెడల్, కూర్చునే స్టూలు డ్రమ్మరు సొంతవే తీసుకెళ్లాలి. అద్దె కిట్లలో ముందు పాడయ్యేవి ఇవే. 14 అంగుళాల స్నేర్ హెడ్ (డ్రమ్ము మీద బిగించే పొర) ఒకటి అదనంగా ఉంచుకోండి. గిటారు వాళ్లకి ఒక్కొక్కరికి రెండు సెట్ల తీగలు. కేబుళ్లు ఆరు మీటర్లు మించకూడదు. అంతకన్నా పొడవైతే మామూలు గిటారు పికప్ (తీగల కదలికను సిగ్నల్‌గా మార్చే భాగం) శబ్దంలో పదును తగ్గుతుంది. కీబోర్డుకి దాని అడాప్టరుతోపాటు అదే వోల్టేజీ, అదే పోలారిటీ ఉన్న ఇంకో అడాప్టరు. గిటారు శబ్దాన్ని మార్చే పెడల్స్ ఎక్కువ భాగం 9 వోల్టులు, మధ్య పిన్ను నెగెటివ్. డిజిటల్ పెడల్ ఒక్కటే 300 మిల్లీ ఆంపియర్లకు పైగా లాగొచ్చు, ఆ లెక్క చూసుకోకపోతే పాట మధ్యలో ఆగిపోతుంది.

వారం ముందే వేదిక పటం, ఇన్‌పుట్ లిస్టు పంపండి. ఏ చానెల్‌లో ఏముంది, దేనికి మైకు, దేనికి డీఐ బాక్సు (వాద్యాన్ని మైకు లేకుండా నేరుగా మిక్సర్‌కి కలిపే చిన్న పెట్టె), ఎవరికి ఎన్ని మానిటర్లు (వాయించేవాళ్ల వైపు తిప్పిన స్పీకర్లు), అంతా ఒకే పేజీలో. స్టీరియో కీబోర్డుకి రెండు డీఐలు కావాలని రాయకపోతే ఒకటే ఇస్తారు.

ప్రశ్న: జెనరేటర్ మీద ప్రోగ్రాం చేస్తున్నప్పుడు మైకు పెదవికి తగిలితే షాక్ కొడుతోంది. మైకు మార్చినా అంతే. ఎందుకు?
– ఒక పాఠకుడు, బెళ్లందూరు

జవాబు: తప్పు మైకుది కాదు. దీన్ని అస్సలు తేలిగ్గా తీసుకోవద్దు, ప్రాణాలు పోయే విషయం.

గిటారు తీగలు కేబుల్ ద్వారా యాంపు ఎర్త్‌కి కలిసి ఉంటాయి, మైకు జాలీ మిక్సర్ ఎర్త్‌కి. రెండూ ఒకే ఎర్త్ మీద ఉంటే ఏమీ కాదు. యాంపు పెట్టిన సాకెట్‌లో ఎర్త్ వైరు లేకపోయినా, మధ్యలో రెండు పిన్నుల ఎక్స్‌టెన్షన్ ఉన్నా యాంపు ఒళ్లంతా ఎర్త్ లేకుండా ఉండిపోతుంది. లోపలి ఫిల్టర్ కెపాసిటర్ల నుంచి కారే కొద్దిపాటి కరెంటు మీ వేళ్ల నుంచి పెదవుల దాకా పోతుంది. జివ్వుమనేది అదే. యాంపు లోపల ఫేజ్ వైరు బాడీకి తగిలి ఉంటే మాత్రం 230 వోల్టులూ మీ గుండె మీదుగానే పోతాయి.

మల్టీమీటర్ కొనండి. ఏ ప్లగ్గూ గుచ్చకముందే, ఏసీ 750 వోల్టుల రేంజిలో పెట్టి సాకెట్ కొలవండి. ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ మధ్య 220 నుంచి 240. ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య కూడా అంతే. న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య రెండు మూడు వోల్టులు మించకూడదు. ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య అంకె అటూ ఇటూ ఊగుతుంటే అక్కడ ఎర్త్ లేనట్టే. అన్నీ కలిపాక మల్టీమీటర్ మొన ఒకటి గిటారు బ్రిడ్జికి, ఇంకోటి మైకు జాలీకి తాకించండి. నాలుగైదు వోల్టులు దాటితే వాయించొద్దు, ఎలక్ట్రీషియన్‌ని పిలవమనండి. మైకుకి స్పాంజి తొడిగితే సరిపోతుందనే సలహా వినొద్దు.

జెనరేటర్‌తో ఇంకో ప్రమాదం ఉంది. మూడు ఫేజుల జెనరేటర్‌లో న్యూట్రల్ వదులైతే ఒక ఫేజ్ పడిపోయి, ఇంకోటి 300 దాటిపోతుంది. ముందు కాలేవి కీబోర్డు అడాప్టర్లే. అందుకే లైట్లన్నీ వేయించి మళ్లీ కొలవండి. వేదిక మీది యాంపులకీ మిక్సర్‌కీ ఒకే బోర్డు నుంచి కరెంటు, లైట్లకి వేరే ఫేజ్, బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు ఎర్త్‌కి కారితే వెంటనే ఆపేసే స్విచ్), జెనరేటర్ పక్కన భూమిలో దించిన ఎర్త్ రాడ్: ఈ నాలుగూ ఒప్పందంలోనే రాయించుకోండి. మట్టి ఎండిపోయి ఉంటే రాడ్ చుట్టూ నీళ్లు పోయించండి.

గుయ్యిమనే శబ్దం పోవాలని ప్లగ్గులో ఎర్త్ పిన్ను విరవడం మన దగ్గర మామూలైపోయింది. దయచేసి ఆ పని చేయొద్దు, ఎవర్నీ చేయనివ్వొద్దు. డీఐ బాక్సు మీద గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ ఉంటుంది. అది సిగ్నల్ కేబుల్ ఎర్త్‌ని మాత్రమే విడదీస్తుంది, కరెంటు ఎర్త్ జోలికి పోదు.

ప్రశ్న: సౌండ్ చెక్‌కి ఇరవై నిమిషాలే ఇస్తే?
– ఒక పాఠకురాలు, మారతహళ్లి

జవాబు: ఇన్‌పుట్ లిస్టు వరసలో ఒక్కో చానెల్‌కి పది పదిహేను సెకన్లు. తర్వాత గాత్రం మానిటర్లు, ఎందుకంటే కూత పెట్టేది అక్కడే. ఆ తర్వాత మీ పాటల్లో అన్నిటికన్నా గట్టిగా మోగేది ఒకటి, పల్లవి, ఒక చరణం. గిటారు యాంపుని కుర్చీ మీదికెక్కించి వాయించేవాళ్ల చెవివైపు వంచితే వాల్యూమ్ తగ్గించుకోవచ్చు. ఆరుబయట రాత్రి పది తర్వాత లౌడ్‌స్పీకర్లు వాడకూడదని 2000 నాటి శబ్దకాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. అర్ధరాత్రి దాకా సడలింపు రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించిన కొద్ది రోజులకే. ఫెస్టులు ఆలస్యమవుతాయి కాబట్టి ఏ పాటలు తీసేయాలో ముందే రాసిపెట్టుకోండి.

ప్రశ్న: ప్రోగ్రాం అవగానే రాత్రికి రాత్రే వచ్చేయొచ్చా?
– ఒక పాఠకుడు, యలహంక

జవాబు: వద్దు. పొద్దున ఆరింటి నుంచి మేలుకున్న డ్రైవరుకి తెల్లవారుజామున రెండింటికీ ఐదింటికీ మధ్య రెప్ప వాలుతుంది, వెనక మీరంతా నిద్రలో ఉంటారు. బండి మాట్లాడేటప్పుడే డ్రైవరు బత్తాతోపాటు అతనికి వేరే గది ఖర్చు కూడా నిర్వాహకులకిచ్చే బిల్లులో వేసి, ఆ మొత్తాన్ని అడ్వాన్సులోనే అడగండి.